మంట తగ్గితే ముప్పు తప్పినట్టు కాదు

ఎండలు ముదిరితే చాలు, ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక సలహా తిరగడం మొదలవుతుంది. "మూత్రంలో మంట అంటే ఒంట్లో వేడి చేసినట్టే. డాక్టర్ దగ్గరికి పరిగెత్తకండి. రోజుకు ఐదు లీటర్ల నీళ్లు, బార్లీ, సబ్జా, కొబ్బరినీళ్లు మూడు రోజులు తాగితే కడిగేసినట్టు పోతుంది. మంట తగ్గిందంటే ఇన్ఫెక్షన్ పోయినట్టే. జ్వరం లేనంతవరకూ కిడ్నీకి ఢోకా లేదు. గర్భిణులకు ఇది మామూలే. మరీ ఇబ్బందైతే పోయినసారి రాసిచ్చిన మాత్రలే వేసుకోండి. రాత్రిపూట హడావుడి పడొద్దు, తెల్లారాక చూసుకోవచ్చు." మాటలు అటూ ఇటూ మారినా సారం ఇదే. ఇందులో కొంత నిజం ఉంది కాబట్టే జనం నమ్ముతున్నారు. మిగతాది ప్రాణం మీదకు తెస్తుంది. అందుకే ఒక్కో మాటనూ విడదీసి చూడాలి.

"మంట అంటే వేడి చేసినట్టే"

ఎండలో తిరిగి నీళ్లు సరిగా తాగనప్పుడు మూత్రం చిక్కబడి ముదురు పసుపు రంగులో వస్తుంది, పోసేటప్పుడు చురుక్కుమంటుంది. ఇది నిజమే. నీళ్లు తాగి, రెండు మూడుసార్లు వెళ్లొచ్చేసరికి రంగు తేటపడుతుంది, మంటా పోతుంది. మనవాళ్లు 'వేడి చేసింది' అనేది చాలావరకు దీన్నే.

ఇన్ఫెక్షన్ తీరు వేరు. పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బ్యాక్టీరియా మూత్రద్వారం గుండా పైకెక్కి మూత్రాశయం లోపలి పొరకు అతుక్కుంటుంది. ఆ దారి ఆడవాళ్లలో దాదాపు 4 సెంటీమీటర్లే, మగవాళ్లలో 20 దాకా ఉంటుంది. ఆడవాళ్లకు ఎక్కువగా రావడానికి అదో ముఖ్య కారణం. ఇక్కడ మూత్రం తేటపడినా మంట ఆగదు. ఘడియకోసారి వెళ్లాలనిపిస్తుంది, వెళ్తే నాలుగు చుక్కలు. పొత్తికడుపు పట్టేసినట్టు ఉంటుంది. ఒక్కోసారి చివర్లో రక్తపు చార కనిపిస్తుంది. జబ్బు ఇంతవరకే ఉంటే అది మూత్రాశయానికి పరిమితమైనట్టు. బాధ ఎక్కువ, ప్రమాదం తక్కువ. అదే జబ్బు పైకి పాకి కిడ్నీని పట్టుకున్నప్పుడు మంట పెరగాలని ఏమీ లేదు, కొందరికి అసలు ఉండదు. మంట ఎంత ఉందన్నదాన్ని బట్టి ప్రమాదాన్ని అంచనా వేయడం అందుకే తప్పు.

"మూడు రోజులు నీళ్లు తాగితే కడిగేసినట్టు పోతుంది"

నీళ్ల విలువను తక్కువ చేయడం లేదు. తరచూ ఈ ఇన్ఫెక్షన్ వచ్చే 140 మంది ఆడవాళ్ల మీద జరిగిన అధ్యయనం ఒకటి 2018లో వెలువడింది. రోజూ తాగేదానికి అదనంగా లీటరున్నర తాగినవాళ్లకు ఏడాదిలో సగటున 1.7 సార్లు వస్తే, తాగనివాళ్లకు 3.2 సార్లు వచ్చింది. అయితే అది రాకుండా చూసుకోవడం గురించి. వచ్చాక నయం కావడం గురించి కాదు.

దానంతట అదే తగ్గే సందర్భాలూ ఉన్నాయి. 2015లో జర్మనీ వైద్యులు, ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లలో కొందరికి యాంటీబయాటిక్ బదులు ఐబుప్రొఫెన్ అనే నొప్పి మాత్ర ఇచ్చి చూశారు. వాళ్లలో మూడింట రెండొంతుల మంది యాంటీబయాటిక్ అవసరం లేకుండానే కోలుకున్నారు. కానీ కిడ్నీ ఇన్ఫెక్షన్ ఆ జట్టులో ఐదుగురికి వచ్చింది, యాంటీబయాటిక్ వాడిన జట్టులో ఒక్కరికే. పైగా గర్భిణులను, జ్వరమో డొక్కలో నొప్పో ఉన్నవాళ్లను ముందే పక్కన పెట్టి చేసిన పరీక్ష అది. వేరే జబ్బులేవీ లేని, గర్భవతి కాని, జ్వరం లేని ఆడమనిషి ఒకటి రెండు రోజులు ఆగి చూడొచ్చు. 48 గంటల్లో తగ్గుముఖం పట్టకపోయినా, మధ్యలో ముదిరినా ఇక ఆగకూడదు. మగవాళ్లు, గర్భిణులు, పసిపిల్లలు, షుగర్ ఉన్నవాళ్లు, కిడ్నీలో రాయి ఉన్నవాళ్లు, మూత్రానికి ట్యూబు వేసి ఉన్నవాళ్లు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు ఆ రెండు రోజులు కూడా ఆగకూడదు.

ఇక ఐదు లీటర్ల మాట. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు డాక్టర్లు నీళ్లు కొలిచి తాగమంటారు. వాళ్లు ఈ సలహా పాటిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ పాడైనవాళ్లు దాన్ని బయటికి పంపలేరు, గుండె లయ తప్పుతుంది. కిడ్నీ జబ్బు ఇంతగా ఉన్న ఉద్దానం లాంటి చోట ఈ మెసేజ్ ఎవరి ఫోన్‌లో పడుతుందో పంపేవాళ్లు ఒక్క క్షణం ఆలోచించాలి.

"మంట తగ్గిందంటే ఇన్ఫెక్షన్ పోయినట్టే"

మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే ఆల్కలైజర్ సిరప్ మూత్రంలో పులుపును తగ్గిస్తుంది. దాంతో మంట చల్లారుతుంది, బ్యాక్టీరియా చావదు. పైగా ఈ ఇన్ఫెక్షన్‌కు ఎక్కువగా రాసే నైట్రోఫ్యూరాంటాయిన్ అనే యాంటీబయాటిక్ పులుపున్న మూత్రంలోనే బాగా పనిచేస్తుంది. రెండూ కలిపి వాడాలా వద్దా అన్నది రాసిచ్చినవాళ్లను అడిగి తెలుసుకోండి.

మంటను వదిలేసి చూడాల్సినవి వేరే ఉన్నాయి. మొదటిది వణుకు. మామూలు చలి కాదు, రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకా కొట్టుకుంటూ మంచం కదిలేంత వణుకు. బ్యాక్టీరియా రక్తంలోకి దిగుతున్నప్పుడు ఇలా వస్తుంది. ఇది కనిపిస్తే థర్మామీటర్ ఎంత చూపించినా ఆసుపత్రికే.

రెండోది డొక్కలో నొప్పి. చివరి పక్కటెముక వెన్నెముకను కలిసే మూల ఉంటుంది చూడండి, అక్కడ, ఎక్కువగా ఒక పక్కనే. బరువులెత్తితే వచ్చే నడుం నొప్పి వంగితే, తిరిగి పడుకుంటే మారుతుంది. కిడ్నీ నొప్పి ఎటు తిరిగినా ఒకేలా సలుపుతుంది. ఆ మూలలో పిడికిలితో మెల్లగా తట్టితే మనిషి ఉలిక్కిపడతాడు. ఒక్కసారి తట్టి చూస్తే చాలు, మళ్లీ మళ్లీ తట్టి బాధపెట్టొద్దు. ఊళ్లో ఈ నొప్పికి డైక్లోఫెనాక్ అనే నొప్పి సూది వేసి పంపేయడం మామూలైపోయింది. వాంతులతో ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు ఆ సూది కిడ్నీని ఇంకా దెబ్బతీస్తుంది.

మూడోది వాంతులు. మాత్ర కడుపులో నిలవకపోతే ఇంటి వైద్యం ముగిసినట్టే, సెలైన్‌తో పాటు మందు నరం ద్వారానే వెళ్లాలి.

"జ్వరం లేనంతవరకూ ఢోకా లేదు"

ఈ మెసేజ్‌లో అన్నిటికన్నా ప్రమాదకరమైన వాక్యం ఇదే. జ్వరం ఉంటే అనుమానించాల్సిందే, 100.4 డిగ్రీలు దాటితే కిడ్నీ దాకా వెళ్లిందేమో చూడాలి. జ్వరం లేనంత మాత్రాన ఏమీ లేదనుకోవడం మాత్రం తప్పు.

పొద్దున జ్వరం తగ్గించే డోలో మాత్ర వేసుకుని, పది గంటలకు చూసుకుని, "98 ఉంది, ఏం లేదు" అంటారు. ఆ మాత్ర ప్రభావం నాలుగు నుంచి ఆరు గంటలు ఉంటుంది. మాత్ర వేసుకునే ముందు జ్వరం చూసి, టైముతో సహా కాగితం మీద రాసి పెట్టుకుంటేనే డాక్టర్‌కి పనికొస్తుంది. స్టెరాయిడ్లు వాడేవాళ్లకు, బాగా వయసుపైబడినవాళ్లకు జబ్బు ముదిరినా ఒళ్లు కాలకపోవచ్చు. ఒక్కోసారి ఒళ్లు 96.8 కన్నా కిందికి చల్లబడిపోతుంది, అది ఇంకా చెడ్డ సంకేతం.

పెద్దవాళ్లలో మొదట తేడా కనిపించేది మాటలోనూ నడకలోనూ. నిన్నటిదాకా పేపరు చదివిన తాతయ్య ఇవాళ మనవణ్ని పోల్చుకోలేకపోవడం, పొంతన లేకుండా మాట్లాడటం, మధ్యాహ్నమంతా మగతగా పడుకోవడం, బాత్రూమ్‌కి వెళ్తూ తూలిపడటం. "వయసైపోయింది" అని సర్దుకోకండి. షుగర్ మాత్రలు వాడేవాళ్లైతే ముందు షుగర్ పడిపోయిందేమో చూడండి, అయోమయానికి అదీ కారణం కావచ్చు. ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. ఏ ఇబ్బందీ లేని పెద్దవాళ్ల మూత్ర పరీక్షలో పస్ సెల్స్, అంటే చీము కణాలు, కనిపించగానే యాంటీబయాటిక్ మొదలుపెట్టడం కూడా తప్పే. వయసు మీద పడ్డాక చాలామంది మూత్రంలో బ్యాక్టీరియా హాని చేయకుండా ఉంటుంది. మందు లక్షణాలను చూసి వేయాలి, కాగితాన్ని చూసి కాదు.

ఇన్ఫెక్షన్ రక్తంలోకి చేరి ఒళ్లంతా విషమిస్తే దాన్ని సెప్సిస్ అంటారు. ఇంట్లోనే గుర్తుపట్టొచ్చు. గడియారం చూస్తూ నిమిషం పాటు ఛాతీ ఎన్నిసార్లు లేస్తోందో లెక్కపెట్టండి. పెద్దవాళ్లలో 22 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ప్రమాదం. బీపీ మిషన్ ఉంటే పై అంకె 100 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉండటం ప్రమాదం. ఎప్పుడూ 150 ఉండే మనిషికి 105 వచ్చినా అది 'నార్మల్' కాదు, పడిపోయినట్టే. చేతులూ కాళ్లూ చల్లబడి చర్మం మచ్చలు మచ్చలుగా మారడం, పన్నెండు గంటలుగా మూత్రం రాకపోవడం, పిలిస్తే సరిగా పలక్కపోవడం. వీటిలో ఒక్కటి ఉన్నా 108కి ఫోన్ చేయాలి. బీపీ పడిపోయిన రోగికి గంటలోపే యాంటీబయాటిక్ అందాలన్నది ప్రపంచమంతటా వైద్యులు పాటించే లక్ష్యం.

షుగర్ ఉన్నవాళ్లకు ఒక ప్రత్యేకమైన గండం ఉంది. కొన్ని రకాల బ్యాక్టీరియా కిడ్నీ లోపల గ్యాస్ పుట్టించి కణజాలాన్ని కుళ్లబెడతాయి. ఇది దాదాపుగా షుగర్ రోగులకే వస్తుంది, సీటీ స్కాన్‌లో స్పష్టంగా బయటపడుతుంది. మొదట్లో మామూలు కిడ్నీ ఇన్ఫెక్షన్‌లాగే కనిపిస్తుంది కాబట్టి, షుగర్ ఉండి డొక్కలో నొప్పి వస్తే స్కాన్ వాయిదా వేయకూడదు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం షుగర్ మాత్రలు వాడేవాళ్లు వాంతులై తిండి మానేసిన రోజు వాటిని ఆపాల్సి ఉంటుంది. వెంటనే డాక్టర్‌తో మాట్లాడండి.

మూడు నెలల లోపు పాపకు 100.4 జ్వరం వస్తే కారణం ఏదైనా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మంటగా ఉందని చెప్పలేని వయసు అది. పాలు తాగకపోవడం, వాంతులు, నీరసంగా పడి ఉండటమే వాళ్ల భాష.

"గర్భిణులకు ఇది మామూలే"

మాటిమాటికీ వెళ్లాలనిపించడం మామూలే, నడుం నొప్పీ మామూలే. ఆ రెండూ ఉండేసరికి అసలు జబ్బు వాటి చాటున దాక్కుంటుంది. పెరిగే గర్భసంచి మూత్రనాళాలను నొక్కుతుంది, హార్మోన్ల వల్ల అవి వదులవుతాయి. మూత్రం నిలవ ఉండి బ్యాక్టీరియా పైకెక్కడం తేలికవుతుంది. కుడి పక్క ఇది ఎక్కువ. మంట లేకుండానే మూత్రంలో బ్యాక్టీరియా పెరిగే గర్భిణులూ ఉన్నారు. వాళ్లకు మాత్రం లక్షణాలు లేకున్నా మందు వాడాల్సిందే. లేకపోతే కిడ్నీకి పాకి, నెలలు నిండకుండానే నొప్పులు వచ్చే ప్రమాదం ఉంది. ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేసే పరీక్షల్లో మూత్రంలో చూసేది ముఖ్యంగా ఆల్బుమిన్, షుగర్. బ్యాక్టీరియా సంగతి తేల్చేది కల్చర్ పరీక్ష. మొదటి మూడు నాలుగు నెలల్లో ఒకసారి అది చేయించమని మీరే అడగండి.

"పోయినసారి మాత్రలే వేసుకోండి"

పోయినసారి ఇచ్చిన మందు మూత్రాశయానికి. నైట్రోఫ్యూరాంటాయిన్, ఒకే మోతాదుగా తాగే ఫాస్ఫోమైసిన్ 3 గ్రాముల సాచెట్, రెండూ మూత్రంలో బాగా చేరతాయి, కిడ్నీ కణజాలంలోకి చాలినంత వెళ్లవు. కిడ్నీ ఇన్ఫెక్షన్‌కు వాటిని వాడితే మంట తగ్గుతుంది, జబ్బు పైన పెరుగుతూనే ఉంటుంది. ఇక సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లకు మన దేశంలో ఈ.కోలై చాలావరకు లొంగడం లేదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నివేదికలు చెబుతూనే ఉన్నాయి.

ఏ మందు పనిచేస్తుందో చెప్పేది కల్చరే. శాంపిల్ యాంటీబయాటిక్ మొదటి మాత్రకు ముందే ఇవ్వాలి. చేతులు, ఆ భాగం నీళ్లతో కడుక్కుని, మొదటి ధార వదిలేసి, ఆపకుండానే మధ్య ధారను స్టెరైల్ డబ్బాలో పట్టాలి. మూత లోపలి వైపు వేలు తగలకూడదు. రెండు గంటల్లో ల్యాబ్‌కి చేరకపోతే ఫ్రిజ్‌లో పెట్టాలి. బయట వదిలేస్తే డబ్బాలోనే బ్యాక్టీరియా పెరిగి రిపోర్టు తప్పు వస్తుంది. ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది. జబ్బు తీవ్రంగా ఉంటే శాంపిల్ తీసుకున్న వెంటనే మందు మొదలుపెట్టి, రిపోర్టు వచ్చాక మారుస్తారు. మందు మొదలైన 72 గంటలకు కూడా జ్వరం దిగకపోతే రాయో చీముగడ్డో ఉందేమో స్కాన్‌లో చూడాలి.

"తెల్లారాక చూసుకోవచ్చు"

మంట మాత్రమే ఉంటే చూసుకోవచ్చు. కిడ్నీలో రాయి ఉందని ముందే తెలిసిన మనిషికి డొక్కలో నొప్పితో జ్వరం వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు. రాయి అడ్డుపడి, దాని వెనక చీము పట్టి ఉబ్బుతుంది. ఎంత గట్టి యాంటీబయాటిక్ ఎక్కించినా ఆ మూసుకుపోయిన చోటికి చాలినంత చేరదు. మూత్రనాళంలో స్టెంట్ అనే సన్నని గొట్టం వేసో, వీపు వైపు నుంచి ట్యూబు వేసో ఆ చీమును బయటికి తీయాలి. కాబట్టి స్కాన్, యూరాలజిస్ట్ ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్లండి. మగవాళ్లకు చలిజ్వరంతో పాటు మూత్రం పూర్తిగా బిగిసిపోయినా ఇంతే తొందర. బయలుదేరేటప్పుడు వాడుతున్న మందుల స్ట్రిప్పులు, పాత స్కాన్ రిపోర్టు, జ్వరం రాసిన కాగితం సంచిలో వేసుకోండి. క్యాజువాలిటీలో "మూత్రంలో మంట" అని మొదలుపెట్టకండి. "వణుకుతో జ్వరం, కుడి డొక్కలో నొప్పి, సాయంత్రం నుంచి మూత్రం రాలేదు, షుగర్ ఉంది" అని ఆ వరసలో చెప్పండి.