ట్యాగ్ అతికించాక ఏం చేస్తారు?

హిందూ మహాసముద్రం నడిమధ్యలోని చాగోస్ దీవుల చుట్టూ 2010లో బ్రిటన్ దాదాపు 6.4 లక్షల చదరపు కిలోమీటర్ల సముద్రాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. అందులో వాణిజ్యపరమైన చేపల వేట పూర్తిగా బంద్. ఇంత పెద్ద ఏర్పాటు చేశాక అక్కడి ఇసుకలో గుడ్లు పెట్టే పచ్చ తాబేళ్లకు ఇక ఢోకా లేదని ఎవరైనా అనుకుంటారు. పరిశోధకులు మాత్రం ఎనిమిది తల్లి తాబేళ్ల డిప్పలకు ఉపగ్రహ ట్రాన్స్‌మిటర్లు (ట్యాగులు) అతికించి వదిలి చూశారు. గుడ్లు పెట్టే కాలం ముగియగానే ఎనిమిదింటిలో ఏడు ఆ హద్దు దాటి వెళ్లిపోయాయి. ఒకటి దాదాపు 4 వేల కిలోమీటర్లు ఈది సోమాలియా తీరం చేరుకుంది. ఈ ఫలితాలు 2014లో అచ్చయ్యాయి.

ఉపగ్రహం సాయం లేకపోతే ఈ సంగతి బయటపడేదే కాదు. గుడ్లు పెట్టే తీరానికి కాపలా పెడితే తాబేలు బతుకులో కొన్ని వారాలకు మాత్రమే భద్రత దొరుకుతుంది. మిగతా కాలమంతా అది ఏ దేశానికీ చెందని నీళ్లలోనో, పది దేశాల పడవలు తిరిగే నీళ్లలోనో ఉంటుంది. దాని ప్రాణం తీసేవి ఎక్కువగా అక్కడే ఉన్నాయి: వలలు, గాలాల తాళ్లు, ఓడల ప్రొపెల్లర్లు. కాబట్టి అది ఎక్కడ తిరుగుతుందో తెలుసుకోవాలన్న తపనను మేము తప్పుపట్టడం లేదు. మా అసంతృప్తి తెలిసిన తర్వాత జరగని దాని గురించి.

సముద్ర తాబేళ్లను ఉపగ్రహాలతో అనుసరించడం మొదలై నాలుగు దశాబ్దాలు దాటింది. పరిశోధన పత్రాలు వందల్లో ఉన్నాయి. రంగురంగుల గీతలతో నిండిన మ్యాపులకు కొదవే లేదు. వాటిని చూసి ఒక వేట నిబంధన మారిందని, ఒక ఓడల దారి పక్కకు జరిగిందని చెప్పుకోగల సందర్భాలు మాత్రం అరుదు. ఇంత శ్రమకు సంరక్షణలో దక్కిన ఫలం ఎంత అని ఈ రంగంలోని వాళ్లే 2016లో ఒక సమీక్షలో తమను తాము ప్రశ్నించుకున్నారు. ఆ ప్రశ్నకు జవాబు ప్రయోగశాలల్లో కాదు, మత్స్య శాఖల్లో, పరిశోధనలకు డబ్బిచ్చే సంస్థల్లో వెతకాలి. ట్యాగ్ అతికించక ముందే, దాని నుంచి వచ్చే సమాచారంతో ఎవరు ఏ నిర్ణయాన్ని ఎప్పటిలోగా సవరిస్తారో కాగితం మీద ఉండాలన్నది మా వాదన.

పరికరం పనితీరు తెలిస్తే, అందులో ఎంత శ్రమ దాగి ఉందో, దాన్ని వృథా చేయడం ఎందుకు తప్పో అర్థమవుతుంది. ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ, అమెరికాకు చెందిన నాసా, సముద్ర-వాతావరణ సంస్థ నోవా కలిసి 1978లో మొదలుపెట్టిన ఆర్గోస్ వ్యవస్థ మీదే ఈ ట్రాకింగ్ ఎక్కువగా ఆధారపడింది. నీళ్లలో ఉన్నంతసేపు ట్రాన్స్‌మిటర్ మౌనంగా ఉంటుంది, ఎందుకంటే రేడియో తరంగాలు ఉప్పునీటిని దాటలేవు. తాబేలు ఊపిరి కోసం పైకి వచ్చిన కొన్ని సెకన్లలో, అదే సమయానికి నెత్తి మీద ఉపగ్రహం ఉంటేనే, సంకేతం అందుతుంది. ఉపగ్రహం దగ్గరికొస్తున్నప్పుడు, దూరమవుతున్నప్పుడు ఆ సంకేతం పౌనఃపున్యంలో వచ్చే తేడాను బట్టి చోటును లెక్కగడతారు. తప్పు కొన్ని వందల మీటర్లు ఉండవచ్చు, కొన్నిసార్లు కిలోమీటర్లు కూడా. తర్వాత వచ్చిన ఫాస్ట్‌లాక్ జీపీఎస్ సెకనులో చిన్న వంతు సమయంలోనే ఉపగ్రహాల సమాచారాన్ని పట్టేస్తుంది కనుక చోటు పదుల మీటర్ల తేడాతో తెలుస్తోంది. బ్యాటరీ అయిపోవడం, యాంటెనా విరిగిపోవడం, పరికరం మీద చిన్న చిన్న సముద్ర జీవులు పేరుకుపోవడం మామూలే. సాధారణంగా కొన్ని నెలలు, బాగా నడిస్తే ఏడాదికి పైగా సమాచారం వస్తుంది. ఒక్కో పరికరానికి వేల డాలర్లు ఖర్చవుతుంది.

ఇంత ఖర్చుకు తగ్గ పని జరిగిన చోట ఏం కలిసొచ్చిందో చూడాలంటే హవాయి ఉదాహరణ మంచిది. అక్కడ కత్తిచేప కోసం కిలోమీటర్ల పొడవున్న తాడుకు వందలాది గాలాలు కట్టి సముద్రంలో వదులుతారు. వాటికి లాగర్‌హెడ్ తాబేళ్లూ చిక్కుకుంటాయి. ఏడాదిలో 17 లాగర్‌హెడ్‌లు చిక్కాయంటే ఆ సంవత్సరానికి వేట మూసేయాలని అమెరికా అప్పట్లో నిబంధన పెట్టింది. 2006లో మార్చి నెలలోనే ఆ లెక్క నిండి వేట ఆగిపోయింది. అదే ఏడాది డిసెంబరులో నోవా శాస్త్రవేత్తలు ‘టర్టిల్‌వాచ్’ అనే మ్యాపు తెచ్చారు. ట్యాగ్ వేసిన తాబేళ్ల దారులు, సముద్రపు ఉపరితల ఉష్ణోగ్రత, పడవల్లో తాబేళ్లు చిక్కిన రికార్డులు ఈ మూడింటినీ కలిపి చూస్తే, ఆ కాలంలో లాగర్‌హెడ్‌లు ఎక్కువగా 17.5 నుంచి 18.5 డిగ్రీల మధ్య ఉన్న నీళ్లలో కనిపిస్తున్నాయని తేలింది. ఆ పట్టీ ఎక్కడుందో మ్యాపులో చూపి, అక్కడ గాలాలు వేయవద్దని పడవలకు సలహా ఇచ్చారు. ట్యాగ్ ఉన్న కొన్ని తాబేళ్ల జాడతో ఆగకుండా, ట్యాగ్ లేని వేల తాబేళ్లు ఎక్కడుండవచ్చో అంచనా వేశారు. ట్రాకింగ్‌కు ఉన్న అసలు ఉపయోగం ఇదే.

ఆ మ్యాపును పాటించాలన్న బలవంతం లేదు. అయినా దాన్ని చూడాల్సిన అవసరం అప్పట్లో పడవ యజమానికి ఉండేది. తాబేళ్ల మీద మమకారం ఉన్నా లేకపోయినా, పదిహేడో తాబేలు చిక్కితే సీజన్ మొత్తం పోతుందన్న టెన్షన్ ఉండేది. పరిమితి లేకుండా మ్యాపు ఒక్కటే ఇచ్చి ఉంటే అది పడవ క్యాబిన్‌లో గోడకు అంటించే కాగితంగానే మిగిలేదని మా అనుమానం. సమాచారానికి నిబంధన తోడు కావాలి. సాంకేతికతను మెచ్చుకునే ఉపన్యాసాల్లో సాధారణంగా తప్పిపోయే విషయం ఇది.

నిబంధన ఒక్కటే దారి అనీ మేము అనడం లేదు. 1996లో మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా తీరం నుంచి ట్యాగుతో వదిలిన అడెలిటా అనే లాగర్‌హెడ్ దాదాపు ఏడాదిలో 11 వేల కిలోమీటర్లకు పైగా ఈది జపాన్ తీరం చేరింది. జపాన్‌లో పుట్టిన తాబేళ్లే మెక్సికో దగ్గర మేసి పెరుగుతున్నాయన్న వాదనకు అది పెద్ద సాక్ష్యమైంది. ఆ తర్వాత మరికొన్ని పదుల తాబేళ్లను అనుసరించిన పరిశోధకులు ఇంకో విషయం కనిపెట్టారు. బాహా దగ్గర ఆ తాబేళ్లు ఎక్కువ సమయం తీరానికి దగ్గరగా ఉన్న ఒక చిన్న ప్రాంతంలోనే గడుపుతున్నాయి. స్థానిక జాలర్ల చిన్న పడవలు వేట చేసేదీ అక్కడే. పెద్ద ఓడలే దోషులని అందరూ అనుకుంటున్న రోజుల్లో, గుప్పెడు చిన్న పడవల వల్ల చనిపోతున్న తాబేళ్ల సంఖ్య సముద్రం మొత్తం తిరిగే భారీ ఓడల లెక్కకు దీటుగా ఉందని 2007లో ప్రచురించారు. ఇది చదివి ఎవరైనా జాలర్ల మీద కేసులు పెట్టమంటారు. అక్కడ అలా చేయలేదు. మ్యాపులను జాలర్ల ముందే పరిచారు. మెక్సికో, హవాయి, జపాన్ జాలర్లను ఒకరి ఊరికి ఒకరిని తీసుకెళ్లి మాట్లాడించారు. తమ వలలో చచ్చిన తాబేలు అవతలి తీరంలో గుడ్లు పెట్టాల్సిందని తెలిశాక, కొందరు ఎక్కువ ప్రమాదకరమైన సాధనాలను తామే పక్కన పెట్టారు. గీతలు గీసిన శాస్త్రవేత్త, వల వేసే జాలరి ఒకే బల్ల దగ్గర కూర్చోవడం వల్లే ఇది సాధ్యమైంది.

లెక్కల విషయంలోనూ ట్రాకింగ్ పాత అంచనాలను తలకిందులు చేసింది. ఇసుకలో గూళ్లు లెక్కపెట్టి, ఒక్కో తల్లి సీజన్‌లో ఇన్నిసార్లు గుడ్లు పెడుతుందన్న అంచనాతో భాగించి తాబేళ్ల సంఖ్య చెప్పడం పాత పద్ధతి. చాగోస్‌లో ఫాస్ట్‌లాక్ ట్యాగులతో చూస్తే ఒక్కో పచ్చ తాబేలు సగటున ఆరుసార్లు గుడ్లు పెడుతోందని 2017లో తేలింది. అప్పటిదాకా వాడుతున్న అంకె దానికన్నా బాగా తక్కువ. అంటే గూళ్లు అవే, తల్లులు మాత్రం మనం అనుకున్నదాంట్లో సగం దాకా తగ్గిపోవచ్చు. గత ఏడాది అక్టోబరులో, అంటే 2025లో, అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమితి పచ్చ తాబేలును అంతరించే ముప్పున్న జాబితా నుంచి తప్పించింది. అది నిజంగా సంతోషించాల్సిన కబురు. దశాబ్దాల పాటు తీరాల్లో గూళ్లను కాపాడడం, గుడ్లు తవ్వుకోవడాన్ని ఆపడం, వలల నుంచి తాబేళ్లు బయటపడే ఏర్పాట్లు పెట్టడం దాని వెనుక ఉన్నాయి. ఉపగ్రహం ఆ చాకిరీకి ప్రత్యామ్నాయం కాదు. తీర కాపలాదారుల జీతాలు కోసి ట్యాగులు కొనే ఆలోచన ఎక్కడైనా ఉంటే వెంటనే మానుకోవాలి.

ట్యాగులు చూపని బతుకు కూడా చాలా ఉంది. ఒడ్డుకు వచ్చేవి ఆడవే కాబట్టి ఎక్కువ ట్యాగులు వాటికే పడ్డాయి. మగవాటి తిరుగుళ్ల గురించి తెలిసింది కొంచెమే. గుడ్డు నుంచి వచ్చిన పిల్లలు సముద్రంలోకి వెళ్లాక కొన్నేళ్లు ఎక్కడ గడుపుతాయన్నది చాలాకాలం చిక్కుముడిగానే ఉంది. 2014లో ప్రచురించిన ఒక అధ్యయనంలో సౌరశక్తితో పనిచేసే చిన్న ట్యాగులను లాగర్‌హెడ్ పిల్లలకు అతికించారు. డిప్ప త్వరగా పెరుగుతూ ట్యాగును ఊడగొట్టేస్తుంటే, ఆడవాళ్లు గోళ్లకు వాడే యాక్రిలిక్ పూతే చివరికి పనికొచ్చింది! అయితే పిల్ల తాబేళ్ల విషయంలో జాగ్రత్త చాలా అవసరం. పెద్ద తాబేలుకు ట్యాగు వల్ల నీటి నిరోధం 5 శాతం లోపే పెరుగుతుంది కానీ, చిన్నవాటికి అది రెట్టింపుకు మించిపోవచ్చని గాలి సొరంగంలో చేసిన పరీక్షల్లో 2013లోనే వెల్లడైంది. ఒక జీవి మీద ఇంత భారం మోపే హక్కు, దాని వల్ల మొత్తం జాతికి ఏదో మేలు జరిగితేనే మనకుంటుంది. అదే ప్రశ్నకు ఇంకో మ్యాపు గీయడానికి ఇరవయ్యో ట్యాగు వేయడం సమర్థనీయం కాదు.

సమాచారం పంచుకోవడంలోనూ మార్పు రావాలి. పత్రం అచ్చయ్యేదాకా, అంటే కొన్నేళ్ల పాటు, డేటాను దాచుకోవడం పరిశోధకుల అలవాటు. వాళ్ల కష్టానికి గుర్తింపు దక్కాలన్నది న్యాయమే. కానీ ఆ మధ్యకాలంలో తాబేళ్లు చస్తూనే ఉంటాయి. గుడ్లు దొంగిలించేవాళ్లకు ఉపయోగపడకుండా తీరానికి దగ్గరి జాడలను కొన్ని వారాలు ఆలస్యంగా బయటపెట్టినా, మత్స్య అధికారులకు మాత్రం వెంటనే అందించే ఏర్పాటు కష్టమైనదేం కాదు. డబ్బిచ్చే సంస్థలు దీన్ని షరతుగా పెట్టాలి.

ఇక మిగిలింది ఏ దేశపు పరిధిలోకీ రాని నడిసముద్రం. 2003లో ఇండోనేషియా తీరంలో ట్యాగ్ వేసిన ఒక లెదర్‌బ్యాక్ తాబేలు 647 రోజుల్లో 20,558 కిలోమీటర్లు ఈది అమెరికాలోని ఓరెగన్ దాకా వెళ్లింది. జెల్లీ చేపల కోసం అవి అంత దూరం వస్తున్నాయని ఇలా తేలాకే, 2012లో అమెరికా తన పశ్చిమ తీరంలో వాటికి కీలక ఆవాసాన్ని గుర్తించింది. కానీ దాని చట్టం దాని జలాలకే పరిమితం, మధ్యలో దాటిన పసిఫిక్‌కు అప్పట్లో అడిగే నాథుడే లేడు. నడిసముద్రాలపై 2023లో కుదిరిన ఐక్యరాజ్యసమితి ఒప్పందం, 60 దేశాల ఆమోదం పూర్తయి, ఈ ఏడాది జనవరి 17 నుంచి అమల్లోకి వచ్చింది. ఏ దేశానికీ చెందని నీళ్లలోనూ రక్షిత ప్రాంతాలు ప్రతిపాదించే వీలు దీనితో వచ్చింది. 2004 నుంచి 2007 దాకా కోస్టారికాలో ట్యాగ్ వేసిన 46 లెదర్‌బ్యాక్‌లు గాలపాగోస్ దీవుల పక్క నుంచి దక్షిణ పసిఫిక్‌లోకి దాదాపు ఒకే కారిడార్ వెంట వెళ్లాయని 2008లోనే ప్రచురించారు. తూర్పు పసిఫిక్‌లో ఈ జాతి చివరి దశలో ఉంది. ఆ కారిడార్‌లో ఏ నెలల్లో గాలాల తాళ్లు వేయకూడదో చెబుతూ ఒక ప్రతిపాదన తయారు చేయడానికి కొత్తగా ఒక్క ట్యాగూ అక్కర్లేదు. ఒప్పందాన్ని ఆమోదించిన పసిఫిక్ తీర దేశాలు దాన్ని ముందుకు తేవాలి. ఇది ఈ ఏడాదే మొదలుపెట్టగలిగిన పని.