ఆకు చూసి మందు చెబితే సరిపోదు

పొదలకూరు, రాపూరు వైపు నిమ్మతోటలో ఆకు పసుపు తిరిగిందంటే రైతు ఒక రెమ్మ తుంచుకుని నేరుగా మందుల షాపుకు వెళ్తాడు. షాపాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, జింక్ లోపమని ఒక సీసా చేతిలో పెడతాడు. చాలాసార్లు దాంతో పని జరుగుతుంది కూడా. పని జరగనప్పుడే అసలు చిక్కు.

నిమ్మాకు పసుపెక్కడానికి ఇనుము, జింక్ లోపాల దగ్గర్నుంచి ట్రిస్టెజా వైరస్, గ్రీనింగ్ బ్యాక్టీరియా దాకా చాలా కారణాలున్నాయి. ఆ జాబితాలో ఫైటోప్లాస్మా పేరు మన దగ్గర పెద్దగా వినపడదు. ఇది కణకవచం లేని బ్యాక్టీరియా. మొక్కలో ఆహారం పారే పోషక కణజాలంలోనే బతుకుతుంది. 1967లో జపాన్ శాస్త్రవేత్తలు మల్బరీలో దీన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో పట్టుకునేదాకా ఇలాంటి తెగుళ్లను వైరస్ ఖాతాలో వేసేవారు.

పేరు తెలియకపోయినా ప్రకాశం జిల్లాలో నువ్వు పంట వేసినవాళ్లకు ఈ జబ్బు పరిచయమే. మనం వెర్రి తెగులు అంటున్నది దీన్నే. పూత రావలసిన చోట రేకులతో సహా అన్నీ చిన్న చిన్న పచ్చాకులుగా మారి, తల గుబురు కడుతుంది. చేను పచ్చగానే ఉంటుంది, కాయ మాత్రం కట్టదు. వంగలోనూ అంతే, ఆకులు చిట్టివై కాపు ఆగిపోతుంది. రెండింటినీ మోసేవి ఆకుల రసం పీల్చే దీపపు పురుగులు. నువ్వు, వంగ కొద్ది నెలల పంటలు కాబట్టి తెగులు సోకిన మొక్కను పీకి పారేస్తే సరి. ఏళ్ల తరబడి కాపు ఇవ్వాల్సిన నిమ్మచెట్టును అంత తేలిగ్గా పీకగలమా?

కంటిచూపును నమ్ముకుంటే ఏమవుతుందో యూరప్ ద్రాక్ష రైతులను అడగాలి. అక్కడ ఫ్లావెసెన్స్ డోరే, బ్వా న్వార్ అని రెండు ఫైటోప్లాస్మా తెగుళ్లున్నాయి. రెండింటిలోనూ ఆకు అంచులు కిందికి ముడుచుకుంటాయి. తెల్ల రకాల్లో పసుపు, నల్ల రకాల్లో ఎరుపు తిరుగుతుంది. తీగ ముదరదు, గుత్తి ఎండిపోతుంది. తలపండిన రైతు కూడా ఏది ఏదో తేల్చలేడు. వైద్యం మాత్రం పూర్తిగా వేరు. మొదటిదాన్ని మోసే పురుగు ద్రాక్ష మీదే బతుకుతూ తీగ నుంచి తీగకు అంటిస్తుంది. అందుకే అక్కడ జబ్బు తీగల్ని పెకిలించడం, పురుగుకు మందు కొట్టడం చట్టప్రకారం తప్పనిసరి. రెండోదాన్ని మోసే పురుగు కలుపు మొక్కల వేళ్ల దగ్గర పెరిగి, ద్రాక్ష మీదికి ఎప్పుడో చుట్టపుచూపుగా వస్తుంది. అక్కడ తీగకు మందు కొట్టడం డబ్బు దండగ, గట్టు మీది కలుపు సంగతి చూడాలి.

తేల్చేది పీసీఆర్ పరీక్షే. కరోనా పుణ్యమా అని ఆ మాట ఇప్పుడు అందరికీ తెలుసు. ఈ సూక్ష్మజీవిని మామూలు బ్యాక్టీరియాలా ల్యాబ్ పళ్లెంలో పెంచడం కుదరదు కాబట్టి దాని జన్యువునే వెతకాలి. నమూనా తీయడంలోనే సగం పనితనం ఉంది. క్రిమి చెట్టంతా సమానంగా ఉండదు. జబ్బు కనిపిస్తున్న కొమ్మ నుంచే ఆకు నడి ఈనె, తొడిమ తీసుకోవాలి. బాగున్న కొమ్మ నుంచి నాలుగాకులు కోసి పంపితే, ‘లేదు’ అని వచ్చే రిపోర్టు చిత్తుకాగితంతో సమానం.

నిమ్మ విషయంలో ఇదంతా ఊహల భయం కాదు. 1970లలో ఒమన్‌లో విచ్చెస్ బ్రూమ్ అనే ఫైటోప్లాస్మా తెగులు మొదలై తోటలకు తోటలనే తినేసింది. ముందు ఒక్క కొమ్మ చివర చీపురుకట్టలా సన్నరెమ్మలు గుబురుగా వస్తాయి. ఆకులు చిన్నవై పాలిపోతాయి. కొన్నేళ్లలో చెట్టే పోతుంది. మహారాష్ట్రలోనూ ఇది నిమ్మపై నమోదైంది. ఇరాన్‌లో దీన్ని మోస్తుందని తేలిన దీపపు పురుగు, మన వంగలో చిట్టి ఆకు తెగులును మోసే పురుగు ఒకటే జాతి. పురుగు ఉన్నంత మాత్రాన తెగులు వచ్చేసినట్టు కాదు, దాని ఒంట్లో ఆ రకం క్రిమి చేరాలి. అయినా మోసుకెళ్లే బండి మన ఊళ్లోనే ఉందన్న సంగతి మరిచిపోకూడదు. గల్ఫ్ నుంచి వస్తూ సరదాకి ఒక నిమ్మంటు సంచిలో పెట్టుకొచ్చేవాళ్లకు ఇది ముందు చెప్పాలి.

శిలీంద్రనాశక మందులు దీనిమీద పనిచేయవు. టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే కొన్నాళ్లు తగ్గినట్టుంటుంది, ఆపగానే మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి ఖర్చు పెట్టాల్సింది సీసాల మీద కాదు, మొక్క కొనే చోట. అంటుతో పాటే జబ్బూ వస్తుంది. నర్సరీల్లో తల్లి చెట్లకు పరీక్ష తప్పనిసరి చేయాలి. ప్రతి చెట్టుకూ పరీక్షంటే లక్షలవుతాయని అధికారులు అనొచ్చు. ప్రతి చెట్టుకూ ఎవరడిగారు? తల్లి చెట్లు, అనుమానం ఉన్న చెట్లు చాలు. రైతు సేవా కేంద్రంలో మట్టి నమూనా తీసుకున్నట్టే ఆకు నమూనా కూడా తీసుకుని, వెంకటగిరి దగ్గర పెట్లూరులో ఉన్న నిమ్మ పరిశోధన స్థానం లాంటి చోటికి పంపే ఏర్పాటు ఉండాలి. అక్కడ పీసీఆర్ సౌకర్యం చాలకపోతే ముందు నిధులివ్వాల్సింది దానికే.

అప్పటిదాకా తోటలో గుబురు కట్టిన కొమ్మ కనబడితే దానికి రంగుగుడ్డ కట్టి ఫొటో తీసి పెట్టుకోండి. పక్క కొమ్మలకు పాకుతోందేమో గమనించండి. ఆ చెట్టు నుంచి మాత్రం అంటు కట్టొద్దు, ఎవరు అడిగినా ఇవ్వొద్దు.