రెండు సీసాల దేశభక్తి

మా ఊళ్ళో దేశభక్తి ఏడాదికి మూడు రోజులు పరాకాష్ఠకు చేరుతుంది: జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2. ఆ మూడూ జాతీయ దినాలు కావడం ఒక కారణం. ఆ మూడు రోజులూ మద్యం దుకాణాలు మూసి ఉండడం రెండో కారణం. ఉదయం పంచాయతీ కార్యాలయం ముందు జెండా వందనానికి నన్ను పిలిచి, ముందు వరుసలో ప్లాస్టిక్ కుర్చీ వేసి, మెడలో బంతిపూల దండ వేసి, "సరిహద్దుల్లో కంటి మీద కునుకు లేకుండా" అని మొదలయ్యే ప్రసంగం వినిపిస్తారు. దీపాలు పెట్టే వేళకు ఆ గౌరవమే చెప్పుల చప్పుడు కాకుండా మా పెరటి గుమ్మం దగ్గరికి నడిచి వస్తుంది. ఇరవై నాలుగేళ్ళు ఫిరంగి దళంలో పనిచేసి 2016లో హవల్దారుగా ఇంటికి వచ్చిన నేను ఈ దేశానికి ఏ మేరకు ఉపయోగపడ్డానో అప్పుడు నాకు స్పష్టంగా బోధపడుతుంది.

సైన్యంలో చేరదలచిన యువకులు అప్పుడప్పుడు నన్ను సలహా అడుగుతుంటారు కాబట్టి, ఆ సేవలోని సంతోషాలనూ విచారాలనూ పక్షపాతం లేకుండా రాసిపెట్టడం నా బాధ్యత అనుకుంటున్నాను. నాకున్న అర్హత ఒక్కటే. ఆ రెంటిలో ఏది ఏదో ఇప్పటికీ విడదీసి చెప్పలేకపోవడం.

నేను 1992లో హైదరాబాదులోని ఆర్టిలరీ సెంటర్లో చేరాను. సైన్యం ఇచ్చే మొదటి సంతోషం అక్కడే దొరికింది: సొంతంగా ఆలోచించవలసిన అవసరం ఇక లేదు. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు తినాలో, జుట్టు ఎంత ఉండాలో, మంచం మీద దుప్పటి మడత ఏ వైపు తిరగాలో శిక్షణ ఇచ్చే ఉస్తాదే నిర్ణయిస్తాడు. ఆ నిర్ణయం నచ్చనట్టు ముఖం పెట్టినవాడికి రగడా అనే ప్రత్యేక వ్యాయామం ఉంటుంది, దాని తరవాత నచ్చని నిర్ణయమంటూ మిగలదు. ఫిరంగి దళంలో సిపాయిని గన్నర్ అంటారని ఇంటికి ఉత్తరం రాస్తే, చదివిపెట్టినవాడి నోటి దోషమో వినికిడి దోషమో గానీ, మా అమ్మ నేను గవర్నర్ అయ్యానని నాలుగిళ్ళలో చెప్పి వచ్చింది. పదవి ఏదైతేనేం, అబ్బాయి వేళకు తింటున్నాడన్నదే ఆమెకు ముఖ్యం కాబట్టి నేను సరిదిద్దలేదు.

శిక్షణ ముగించుకుని ఉత్తరాదికి వెళ్ళాక నా పేరు మద్రాసీగా మారింది. పొట్టి శ్రీరాములు ప్రాణాలర్పించి, 1953 అక్టోబరు 1న మనం మద్రాసు నుంచి విడిపోయిన సంగతి మా యూనిట్‌కు అప్పటికింకా చేరలేదు. నేను ఒకటి రెండు సార్లు వివరించబోయాను. మా సుబేదారు సాబ్ ఎంతో శ్రద్ధగా విని, "ఠీక్ హై మద్రాసీ, సమఝ్ గయా" అన్నాడు.

ఇక నా వృత్తి పనిముట్టు గురించి చెప్పాలి. 1986లో మన ప్రభుత్వం స్వీడన్ నుంచి 410 బోఫోర్స్ ఫిరంగులు కొన్నది. మరుసటి ఏడాదే ముడుపుల సంగతి బయటపడడంతో, దేశంలో ఏ రచ్చబండ దగ్గరైనా ఆ పేరు ఫిరంగికి కాక లంచానికి పర్యాయపదమైపోయింది. నేను సెలవుకు వచ్చి, ఫలానా ఫిరంగి మీద పనిచేస్తున్నానని చెబితే, "మరి నీకెంత ముట్టింది?" అని అడిగిన పెద్దమనుషులు మా ఊళ్ళోనే ముగ్గురున్నారు. పాకలో అద్దెకున్న మా కుటుంబ పరిస్థితిని కళ్ళారా చూస్తూ కూడా వారు ఆ అనుమానం వదులుకోలేదు. తెలివైనవాడు డబ్బు బయటికి కనిపించనివ్వడని వారి అభిప్రాయం. తరవాత 1999లో కార్గిల్ యుద్ధం వచ్చింది. ద్రాస్ దగ్గర కొండల మీద పలచటి గాలిలో ఆ ఫిరంగి గుళ్ళు మామూలు కంటే దూరం పోయి పడుతుంటే, పన్నెండేళ్ళ అపకీర్తి రెండు నెలల్లో తుడిచిపెట్టుకుపోయింది. ఆ ముగ్గురిలో ఒకాయన నా భుజం తట్టి, "మన బోఫోర్స్ అబ్బాయ్" అన్నాడు. ఫిరంగికి పరువు దక్కింది, నా ఎడమ చెవికి వినికిడి పోయింది. దీన్ని విచారాల కింద రాయాలని మొదట అనుకున్నాను. అయితే జెండా వందనం నాడు మాట్లాడే వక్త ఎప్పుడూ నా ఎడమ పక్కనే నిలబడతాడు కాబట్టి, ఈ విషయంలో తొందరపడి తీర్పు చెప్పను.

సైన్యంలో సెలవులు ఉదారంగా ఉంటాయి: ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు. ఇవి పండక్కీ పెళ్ళికీ చావుకీ తప్ప మిగిలిన అన్ని వేళల్లోనూ దొరుకుతాయి. సెలవుకు వచ్చిన సైనికుడి నల్ల ట్రంకుపెట్టెకు ఊళ్ళో ఉండే ఆకర్షణ తిరునాళ్ళలో రంగులరాట్నానికి కూడా ఉండదు. తెలుగువారి నోట మిలటరీ అనే మాటకు వాడుకలో ఉన్నవి రెండే అర్థాలు: మాంసం భోజనం దొరికే హోటలు, రమ్ము దొరికే ఇల్లు. సైనిక క్యాంటీన్ కార్డు మీద మాకు దొరికే కోటా రమ్మును పరులకు ఇవ్వరాదని నిబంధన ఉంది గానీ, మా ఊరు కుటుంబ బంధాలకు పెట్టింది పేరు కావడం వల్ల, సీసా బయటికి తీసిన రోజున అక్కడ పరుడనే వాడు దొరకడు.

ఇదంతా నా వివాహానికి కూడా సంబంధించినదే. ఈ దేశం సైనికుణ్ణి ఎంతైనా గౌరవిస్తుంది, పిల్లనిచ్చేటప్పుడు తప్ప. నాకు వచ్చిన మొదటి నాలుగు సంబంధాలూ "కుర్రాడు బంగారం, కానీ మిలటరీ" అనే వాక్యంతోనే ముగిశాయి. కరెంటు ఆఫీసులో తాత్కాలికపు గుమాస్తాకు ఉన్న గిరాకీ దేశ సరిహద్దుకు లేదు. ఈ దశలో, 1995 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం రాష్ట్రమంతటా సంపూర్ణ మద్యనిషేధం విధించింది. ఆ నిషేధం 1997 వరకు సాగింది. అంతకు ముందు మా ఇంటి వైపు కన్నెత్తి చూడని సంబంధాలు ఆ రెండేళ్ళలో వరస కట్టాయి. నా వివాహం 1996లో జరగడం కేవలం కాకతాళీయమని మా మామగారు చివరి దాకా చెబుతూనే ఉన్నారు. నా ట్రంకుపెట్టెలో అప్పుడేముందో నేను చెప్పను. పెళ్ళిచూపుల నాడు ఆయన నా కంటే దాని వైపే ఎక్కువగా చూశారన్నది మాత్రం వాస్తవం.

ఒక శీతాకాలం మా నాన్న పోయాడు. మాకు వచ్చే ఏ కబురైనా 56 ఏపీవో అనే సైనిక తపాలా చిరునామా మీదుగానే రావాలి, ఆ చిరునామాలో ఊరి పేరు ఉండదు. కబురు అందేసరికి తొమ్మిదో రోజు వచ్చింది. కొండల నుంచి కిందికి దిగే దారిలోని జోజిలా కనుమ మంచుతో మూసుకుపోయి ఉంది. నేను ఊరు చేరింది పెద్దకర్మ మర్నాడు. అరుగు మీద కూర్చున్నవారు లేచి వచ్చి చేతులు పట్టుకుని ఓదార్చారు, నాన్న మంచితనం గురించి రాత్రి దాకా చెప్పుకున్నారు. అందరూ వెళ్ళాక ఒక్కాయన ఆగి, నా ఒట్టి చేతులూ గుడ్డ సంచీ చూసి, "ఈసారి హడావిడిలో ఏమీ తేలేకపోయినట్టున్నావు" అని నా తరపున తానే సర్దిచెప్పుకున్నాడు.

పదవీ విరమణ తరవాతి సంతోషాలన్నీ పింఛను చుట్టూ తిరుగుతాయి. రక్షణ పింఛన్ల కార్యాలయం అలహాబాదులో, ఇప్పటి ప్రయాగరాజ్‌లో, ద్రౌపదీ ఘాట్ అనే చోట ఉంది. ఆ పేరు పెట్టినవారి దూరదృష్టిని ఎంత మెచ్చుకున్నా తక్కువే. అరణ్యవాసంలో ద్రౌపది చేతిలోని అక్షయపాత్ర ఆమె భోజనం చేసేంతవరకే వడ్డించేదట. ఆ తరవాత వచ్చిన అతిథికి అంచుకు అంటుకున్న మెతుకే గతి. మా వంతు సాధారణంగా ఆ తరవాతే వస్తుంది. ఒకే ర్యాంకు, ఒకే సర్వీసు ఉన్నవారికి ఒకే పింఛను ఇమ్మని మా సీనియర్లు 2015లో జంతర్ మంతర్ దగ్గర నెలల తరబడి కూర్చుంటే, ఆ నవంబరులో ఉత్తర్వు వచ్చింది. చిక్కుముడులు విప్పడానికి జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి గారితో ఏకసభ్య కమిటీ వేశారు. న్యాయమూర్తి తెలుగువారు కావడంతో, కనీసం చిక్కుముడులైనా మన భాషలో ఉంటాయని నేను సంబరపడ్డాను. అయిదేళ్ళకొకసారి జరగవలసిన సవరణ 2019 జూలై నుంచి వర్తించాలి. దానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం 2022 డిసెంబరులో దొరికింది, బకాయిలు వాయిదాల్లో వచ్చాయి. ఫిరంగి దళంలో గుండు ఇంత ఆలస్యంగా వెళ్ళి ఉంటే మమ్మల్ని కోర్టు మార్షల్ చేసి ఉండేవారు.

ఏటా నవంబరులో నేను బతికే ఉన్నానని రుజువు చేసుకోవాలి. మంచు కొండల మీద శత్రువు ఈ రుజువు ఏనాడూ అడగలేదు, అనుమానం వచ్చినప్పుడల్లా తానే నాలుగు గుళ్ళు పంపి సరిచూసుకునేవాడు. ఇక్కడ, ఆ రుజువు తీసుకునే కార్యాలయంలో, వేలిముద్ర యంత్రం ఉంది. ఇరవై నాలుగేళ్ళు ఇనుము పట్టుకున్న నా వేళ్ళ మీద గీతలు అరిగిపోవడం వల్ల, నేను సజీవుణ్ణన్న సంగతి దానికి ఒక పట్టాన నమ్మకం కుదరదు. నాకు సెల్యూట్ చేసి లోపలికి పంపిన గేటు కాపలాదారు కూడా మాజీ సైనికుడే. నాయక్‌గా రిటైరయ్యాడట. మేము ఒకరి వైపు ఒకరం చూసుకుని, ఏమీ మాట్లాడుకోలేదు.

ఇంతవరకు రాసి మొన్న అక్టోబరు ఒకటో తేదీ సాయంత్రం అరుగు మీద కూర్చుని ఉండగా, మా బావమరిది తన కొడుకును వెంటబెట్టుకుని, చంకలో సంచీతో వచ్చాడు. అబ్బాయి అగ్నివీరుగా చేరతానంటున్నాడట, నన్ను మంచీచెడూ చెప్పమన్నాడు. నేను 2022లో వచ్చిన ఆ పథకం గురించి ఉన్నదున్నట్టుగా వివరించాను. నాలుగేళ్ళ కొలువు, ఏడాదికి 30 రోజుల సెలవు, చివర సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధి, నూటికి పాతికమంది వరకే పైకి కొనసాగింపు, మిగిలినవారు ఇంటికి. మేనల్లుడు అంతా విని, "నాలుగేళ్ళయినా పరవాలేదు మామయ్యా" అన్నాడు. వాడి వయసులో నేనూ అదే అన్నాను. బావమరిది మాత్రం ఒక్కొక్కటే అడుగుతూ వచ్చాడు. ఇంటికి వచ్చినవాడికి పింఛను ఉండదన్నాను. పోనీలే, ఏదో వ్యాపారం పెట్టుకుంటాడన్నాడు. వైద్య సదుపాయం ఉండదన్నాను. కుర్రవాడికి రోగాలేమిటన్నాడు. మాజీ సైనికుడన్న హోదా కూడా ఉండదన్నాను. హోదాలు కూడు పెడతాయా అన్నాడు. అలాగే క్యాంటీన్ కార్డు కూడా ఉండదన్నాను.

మా బావమరిది చాలాసేపు మాట్లాడలేదు. తరవాత సంచీ చంకలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, గొంతు తగ్గించి, "ఇది దేశ భద్రతకు మంచిది కాదు బావా" అన్నాడు.