ముందెవరు పలకాలి?

మనిషికి ఇల్లు, పొలం, పింఛను ఉన్నా లేకపోయినా పంతం మాత్రం తప్పనిసరిగా ఉండాలని విజయనగరం జిల్లావాసిగా నేను గట్టిగా నమ్ముతాను. ఇందుకు చారిత్రక ఆధారం మాకు కూతవేటు దూరంలోనే ఉన్నది. నీటి తగవులతోనూ హోదా తగవులతోనూ రగిలిన విజయనగరం, బొబ్బిలి వైరం చివరకు 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులను బొబ్బిలి కోట గోడల ముందుకు తెచ్చింది. కోట విడిచిపెడితే వేరొక చోట భూములిస్తామన్నా బొబ్బిలి రాజు రంగారాయుడు ససేమిరా అన్నాడు. గెలిచిన విజయనగరం రాజు విజయరామరాజు ఆ గెలుపును పట్టుమని వారం రోజులైనా అనుభవించక ముందే తన డేరాలోనే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుని చేతిలో హతుడయ్యాడు. ఇరుపక్షాల ప్రాణాలూ పోయి, పరువు మాత్రం రెండువైపులా చెక్కుచెదరకుండా మిగలడం సామాన్యమైన ఘనత కాదు.

అంతటి గడ్డ మీద పుట్టి, మా అన్నయ్యతో నేను పదకొండేళ్లుగా మాట్లాడకపోవడంలో వింతేమీ లేదు. అన్నయ్య కూతురి పెళ్లికి వదిన స్వయంగా వచ్చి బొట్టు పెట్టి పిలవలేదు. వాళ్ల చిన్నవాడు బండి దిగకుండానే శుభలేఖ మా ఆవిడ చేతికిచ్చి, "చిన్నాన్నకు చెప్పు పిన్నీ" అని వెళ్లిపోయాడు. ఇంజను ఆపని పిలుపు పిలుపెలా అవుతుంది? మేము వెళ్లలేదు. మేము వెళ్లలేదు గనుక మా గృహప్రవేశానికి వాళ్లు రాలేదు. అప్పటినుంచి లెక్క సమంగానే నడుస్తున్నది.

బయటివారికి తెలియదు గానీ, పలకకుండా ఉండటం పలకడంకంటే ఎంతో శ్రమతో కూడిన పని. బంధువుల పెళ్లిలో ఆయన మొదటి బంతిలో కూర్చుంటే, నాకు చక్కెర జబ్బు ఉన్నప్పటికీ, రెండో బంతి వరకు కళ్లు తిరుగుతున్నా నిలబడవలసిందే.

ఈ విషయంలో మా అమ్మను మాత్రం నేను సమర్థించలేను. దేవుడు ఆమెకు అహం అనే సద్గుణాన్ని ఇవ్వలేదు. ఎనభై దాటిన వయసులో ఆ ఇంటికీ ఈ ఇంటికీ క్యారేజీ పట్టుకుని తిరుగుతుంది. పోయిన వేసవిలో ఆవ పెట్టిన పనసపొట్టు కూర తెచ్చింది. ఆ ఘాటు వదిన చేతిదేనని మొదటి ముద్దకే నా ముక్కుకు తెలిసిపోయింది. ఎవరు వండారని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు, మారు వడ్డించమన్నాను. ఖాళీ గిన్నె వట్టిగా పంపకూడదు గనుక మా ఆవిడ అందులో నువ్వుండలు పెట్టింది. గిన్నెల రాకపోకలను మాటలు కలవడంగా ఎవరూ భావించరాదని మనవి.

యుద్ధం వద్దని తన అన్న విజయరామరాజును బతిమాలిన చెల్లెలే పైడితల్లి అమ్మవారని మా ఊరు చెప్పుకుంటుంది. బతిమాలిన ఆమెకు గుడి కట్టి, ఏటా పొడవాటి మాను కొనన పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే సిరిమానోత్సవం జరిపి, ఆమె మాట మాత్రం వినకుండా ఉండటం మా ప్రాంతపు భక్తిలోని ప్రత్యేకత.

మొన్నటి సిరిమాను నాడు మూడు లాంతర్ల కూడలి దగ్గర జనంలో, రోడ్డుకు అటువైపున అన్నయ్య కనిపించాడు. చేతికర్ర వచ్చింది, ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. మాను మా ఇద్దరి మధ్యనుంచి కోట వైపు సాగిపోతుండగా ఆయన చెయ్యెత్తాడు. అమ్మవారికో, నాకో తెలియలేదు. నేనూ ఎత్తాను. ఎవరైనా అడిగితే అమ్మవారికనే చెబుతాను.