కస్టమర్ ఇంట్లో లేరట!

2025 అక్టోబరు 17, శుక్రవారం రాత్రి ఎనిమిదీ పది. ఆ సమయంలో నేను ఇంట్లో లేనని ఒక కంపెనీ నాకు రాతపూర్వకంగా తెలియజేసింది.

నేను మాత్రం హాల్లో గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పొద్దున్నుంచీ అక్కడే. స్నానానికి వెళ్లిన పది నిమిషాలూ మా ఆవిడను కాపలా పెట్టాను. అయినా ఫోన్ టింగుమంది: "డెలివరీకి ప్రయత్నించాం. కస్టమర్ ఇంట్లో లేరు."

మొదట నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది, ఆ తర్వాత కాస్త భయం పట్టుకుంది. అంత పెద్ద కంపెనీ, అన్ని కంప్యూటర్లు పెట్టుకుని లేడంటోందంటే ఊరికే అంటుందా? వంటింట్లోకి తొంగి చూసి, "ఏమోయ్, నేను ఇంట్లో ఉన్నానా?" అని అడిగాను. "ఉంటే ఆ చెత్తబుట్ట బయట పెట్టండి. లేకపోతే పొద్దున నేను పెడతాను" అంది. బుట్ట బయట పెట్టొచ్చాక ధైర్యం చిక్కింది. ఉన్నాను.

ఇంతకీ నేను తెప్పించుకున్నది ప్రమిదలు. ఇరవై నాలుగు మట్టి ప్రమిదలు. మా సందు మొదట్లో ఒక పెద్దమ్మ తోపుడు బండి మీద అవే అమ్ముతుంది, డజను అరవై. ఆమెతో పావుగంట బేరమాడి, ఆమె ఎదురుగానే ఫోన్ తీసి చూస్తే రెండు డజన్లూ కలిపి 112 రూపాయలు, డెలివరీ ఉచితం. ఎనిమిది రూపాయలు మిగిలాయి. ఇలాంటి దూరదృష్టి గల పౌరుల వల్లే దేశ ఆర్థిక వ్యవస్థ ముందుకు పోతోందని నా నమ్మకం. "ముందుకు పోవడం" అనే మాటను ఇక్కడ కొంచెం జాగ్రత్తగా వాడాలి. ఎందుకంటే నా పార్సిల్ ముందుకు పోలేదు.

ఆ సీజన్ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గింది. పెద్ద టీవీలు, ఏసీలు 28 శాతం నుంచి 18కి దిగాయి. ఆ వెంటనే ఆన్‌లైన్ సేళ్లు మొదలయ్యాయి. అదే వారంలో, 26, 27 తేదీల్లో మూసీ పొంగి మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లోకి నీళ్లొచ్చాయి. ప్రయాణికులు నడుం లోతు నీళ్లలో బయటపడుతుంటే, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన "నా ఎయిర్ ఫ్రయ్యర్ ఈరోజు రావాలి, ఎవరైనా కస్టమర్ కేర్ నంబర్ పెట్టండి" అని రాశారు. ఆయనను నేను తప్పు పట్టను. వరద ఏటా వస్తూనే ఉంటుంది. ఎయిర్ ఫ్రయ్యర్ మీద అరవై శాతం తగ్గింపు ఏటా రాదు కదా! (వస్తుంది. ఏడాదికి నాలుగుసార్లు వస్తుంది. అది వేరే వ్యాసం.)

ఇక నా ప్రమిదల ప్రయాణం. 18న రాష్ట్ర బంద్, సరే. 19న ట్రాకింగ్ చూస్తే పార్సిల్ మేడ్చల్ గోదాముకు తిరిగి వెళ్లింది. మేడ్చల్ నుంచి కూకట్‌పల్లిలో మా ఇంటికి పాతిక కిలోమీటర్లుంటాయేమో. 23న శంషాబాద్‌లో తేలింది. 25న మళ్లీ మేడ్చల్. హైదరాబాద్ చుట్టూ ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు. కార్తీక మాసం కదా, మొక్కుకుని ప్రదక్షిణలు చేస్తోందనుకున్నాను. చిన్నప్పుడు మా అమ్మమ్మ పొడుపుకథ వేసేది: తోకలేని పిట్ట తొంభై ఆమడ పోతుంది, ఏమిటది? ఉత్తరం. ఇప్పటి పిట్టకు తోక ఉంది, పద్దెనిమిది అంకెల ట్రాకింగ్ నంబరు. తొంభై ఆమడలూ పోతుంది, అదీ నిజమే. చిక్కల్లా, ఇంటికి రాదు.

మధ్యలో దీపావళి వచ్చి వెళ్లింది. 20వ తేదీ పొద్దున్నే పెద్దమ్మ బండి దగ్గరికి తలవంచుకుని వెళ్లాను. ఈసారి డజను ఎనభై అంది. బేరం ఆడలేదు. ఆమె కూడా ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది.

ఈ ఆలస్యాల మీద మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ అత్యవసర సమావేశం పెట్టింది. ఏడుగురం హాజరయ్యాం. డెలివరీ కుర్రాళ్లలో బాధ్యత తగ్గిపోయిందని ముక్తకంఠంతో ఖండించాం. మా రోజుల్లో పోస్టుమాన్ ఎంత పద్ధతిగా వచ్చేవాడో అధ్యక్షులవారు కళ్లనీళ్లతో గుర్తు చేసుకున్నారు. అప్పట్లో ఆ పోస్టుమాన్‌కు దసరా మామూలు ఇచ్చేవాళ్లమని కోశాధికారి గుర్తు చేయబోతే, అది అజెండాలో లేదని ఆపేశాం. తర్వాతి అంశం లిఫ్టు. డెలివరీ వాళ్లు లిఫ్టు వాడరాదన్న బోర్డు చెరిగిపోయింది, మళ్లీ రాయించాలని తీర్మానం. ఐదో అంతస్తుకు పార్సిల్ ఆలస్యంగా వస్తోందని మొదటి తీర్మానం, ఐదో అంతస్తుకు మెట్ల మీదుగానే రావాలని రెండో తీర్మానం. రెండూ ఏకగ్రీవం.

నవంబరు 4న, మొంథా తుపాను వానలు కూడా వెలిశాక, గంట మోగింది. తలుపు తీస్తే ఇరవై నాలుగేళ్ల కుర్రాడు, వీపు మీద తనకంటే పెద్ద సంచి, ఐదంతస్తుల ఆయాసం.

"సార్, ఓటీపీ."

పద్దెనిమిది రోజులుగా రిహార్సల్ చేసుకున్న ప్రసంగం నా దగ్గర సిద్ధంగా ఉంది. "ఓటీపీ తర్వాత చెప్తాను బాబూ. పదిహేడో తేదీ రాత్రి నేను ఇంట్లోనే ఉన్నాను. లేనని రాసిందెవరు?"

"నేనే సార్" అన్నాడు.

ఇది నేను ఊహించలేదు. నా ప్రసంగమంతా అవతలివాడు అబద్ధమాడతాడన్న ఆధారం మీద నిలబడి ఉంది.

"ఆ రోజు నూట పది ఇచ్చిన్రు సార్. మామూలుగ డెబ్బై. హబ్‌ల సరుకు తీసుకొని బయటపడేసరికే తొమ్మిదైంది. రాత్రి ఎనిమిది దాంక తిరిగినా ముప్పై మిగిలినయ్. మిగిలినవాటికి యాప్‌ల ఏదో ఒక కారణం నొక్కాలె. టైం సరిపోలేదు అనేది అండ్ల లేదు."

ఫోన్ చూపించాడు. కస్టమర్ ఇంట్లో లేరు. కస్టమర్ ఫోన్ ఎత్తలేదు. కస్టమర్ వద్దన్నారు. కస్టమర్ ఇంకోరోజు రమ్మన్నారు. కస్టమర్ అడ్రస్ తప్పిచ్చారు. వ్యాకరణం మీద నాకు కాస్త గౌరవముంది కాబట్టి గమనించాను: అన్ని వాక్యాలకూ కర్త నేనే. సరుకు వెనక్కి పోయిన నేరం నాదో, నమ్మకపోతే కుర్రాడిదో. కంపెనీ కర్తగా ఒక్క వాక్యమైనా లేదు. పాణిని చూసినా మెచ్చుకునేవాడు.

"మరి అన్నిట్లో నాకు ఇదే ఎందుకు నొక్కావు?"

"ఫోన్ ఎత్తలేదంటే కాల్ రికార్డు చూస్తరు సార్. వద్దన్నరంటే వాపస్ పోతది, మీ పండుగ ఖరాబైతది. ఇంట్లో లేరంటే మళ్ల నాకే వస్తది అనుకున్న. గని హబ్ నిండిపోయి వెనక్కి పంపిన్రు."

అంటే నన్ను ఇంట్లో లేకుండా చేసింది నా మంచి కోరే అన్నమాట.

అతను మెట్లు దిగాక లెక్క వేశాను. తొమ్మిది నుంచి ఎనిమిది దాకా పదకొండు గంటలు, 660 నిమిషాలు. నూట పది పార్సిళ్లు. ఒక్కోదానికి ఆరు నిమిషాలు, భోజనం, మూత్రం లేకుండా. ఈ ఆరు నిమిషాల్లో ముందు ఇల్లు కనుక్కోవాలి. 1972 ఆగస్టు 15న దేశానికి పిన్‌కోడ్ వచ్చింది. అందులో మొదటి అంకె 5 ఉంటే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటకల్లో ఎక్కడో ఉన్నట్టు. అక్కడిదాకా అంతా శాస్త్రీయం. ఆ తర్వాత మా ఇంటి నంబరు: మూడు అడ్డగీతలు, రెండు ఏటవాలు గీతలు, చివర ఒక "ఏ". మా పక్కిల్లు దీనికి పక్క నంబరు కాదు. అందుకని అడ్రస్‌లో "ఆంజనేయస్వామి గుడి వెనక, ఇస్త్రీ బండి ఎదురుగా" అని రాస్తాం. ఇస్త్రీ బండి ఆదివారం రాదు. ఆదివారం మా ఇల్లు ఎక్కడుందో మాకే సరిగ్గా తెలియదు.

ఇల్లు దొరికాక వాచ్‌మన్ రిజిస్టరు. పేరు, ఫోన్ నంబరు, ఏ ఫ్లాట్, వచ్చిన సమయం, వెళ్లిన సమయం, సంతకం. రిజిస్టరుకు కట్టిన పెన్ను రాయదు. తర్వాత మెట్లు. తర్వాత గంట. లోపల్నుంచి "ఎవరూ?" మళ్లీ గంట. "ఓటీపీ అమ్మాయి ఫోన్‌కి వెళ్లింది, అమ్మాయి ట్యూషన్‌కి వెళ్లింది." ఒకచోట, "విప్పి చూశాక తీసుకుంటాం, ఆగు." ఇంకోచోట కుక్క. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కు భోజనం పార్సిల్ తీసుకెళ్లిన యువకుడు కుక్క తరిమితే మూడో అంతస్తు నుంచి దూకి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆరు నిమిషాల లెక్క వేసినవాళ్లు కుక్కను ఏ పద్దులో రాశారో అడగాలని ఉంది.

ప్రవరాఖ్యుడి కాళ్లకు సిద్ధుడు రాసిన పసరు లాంటిదేదో ఈ కుర్రాళ్లకు పొద్దున్నే హబ్‌లో పూసి పంపుతున్నారని కంపెనీ లెక్కల విభాగం గట్టిగా నమ్ముతోంది. ఆ పసరు హిమాలయాల్లో మంచుకు కరిగింది. ఇది మియాపూర్ సిగ్నల్ దగ్గరే ఆవిరైపోతోంది. పార్సిల్‌కు పధ్నాలుగు రూపాయలట, పెట్రోలు తనదే. నేను ఆదా చేసిన ఎనిమిది రూపాయలు ఎక్కడినుంచి వచ్చాయో అప్పుడు కొంచెం కొంచెంగా అర్థం కాసాగింది. అర్థం కావడం నాకిష్టం లేక టీవీ పెట్టాను.

అతణ్ణి ఉద్యోగి అనకూడదు, అది చిన్నతనం. "డెలివరీ పార్ట్‌నర్" అనాలి. మామూలు వ్యాపారంలో పార్ట్‌నర్ అంటే లాభంలో వాటా ఉన్నవాడు. ఇక్కడ వాటా ఉంది గానీ అది వానలో, ట్రాఫిక్‌లో, తిట్లలో. ఇలా జీతం కాకుండా పనికింత చొప్పున తీసుకునే గిగ్ కార్మికులు 2020-21లో దేశంలో 77 లక్షల మంది అని, 2029-30 నాటికి 2.35 కోట్లు అవుతారని నీతి ఆయోగ్ 2022లో లెక్క చెప్పింది. వీళ్ల కోసం ప్రత్యేకంగా మొదటి చట్టం చేసింది రాజస్థాన్, 2023లో. అదే ఏడాది డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించింది. కేంద్రం అంతకన్నా ముందే, 2020లోనే సామాజిక భద్రత కోడ్‌ను పార్లమెంటులో నెగ్గించింది. కంపెనీలు టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం వీళ్ల సంక్షేమ నిధికి ఇవ్వాలని అందులో ఉంది, వీళ్లకు చెల్లించే మొత్తంలో 5 శాతం మించకుండా. ఆ కోడ్ అమల్లోకి వచ్చింది 2025 నవంబరు 21న. ఐదేళ్లు అవుట్ ఫర్ డెలివరీ! నా ప్రమిదలు పద్దెనిమిది రోజులు ఆలస్యమైతే నేను ఒక్క స్టార్ ఇచ్చాను. ఆ ఐదేళ్లకు స్టార్లు ఇవ్వమని నన్నెవరూ అడగలేదు.

డిసెంబరు 25న, 31న గిగ్ కార్మికులు సమ్మె చేశారు. నేను వెంటనే మద్దతుగా స్టేటస్ పెట్టాను, పిడికిలి బొమ్మతో. తర్వాత బిర్యానీ ఆర్డరిచ్చాను. నాలాంటి సంఘీభావపరులు చాలామందే ఉన్నట్టున్నారు, 31న రికార్డు స్థాయిలో ఆర్డర్లు అందించామని ఒక కంపెనీ అధిపతి గర్వంగా ప్రకటించారు. జనవరిలో కేంద్ర కార్మిక మంత్రి మాట్లాడాక, పది నిమిషాల్లో సరుకు తెచ్చిస్తామనే కంపెనీలు ప్రకటనల్లోంచి "పది నిమిషాలు" అన్న మాట తీసేశాయి. మాట పోయింది, మంచిదే. మా సందు మలుపులో బళ్లు మాత్రం ఇంకా అలాగే ఒరుగుతున్నాయి.

ప్రమిదల సంగతి మరిచాను. ఇరవై నాలుగులో ఐదు పగిలాయి. మర్నాడు కార్తీక పౌర్ణమి. మా ఆవిడ మిగిలినవి కడిగి ఆరబెట్టి, 365 వత్తుల కట్టకు అన్నిట్లోకీ పెద్దది తీసి పక్కన పెట్టింది. "సరైన సమయానికే వచ్చాయండీ" అంది. ఆవిడ ఏ దేవుణ్ణి నమ్ముతుందో గానీ, ట్రాకింగ్‌ను మాత్రం నమ్మదు.

తర్వాత సంక్రాంతి సేల్ వచ్చింది. భోగి పిడకల దండ, నలభై శాతం తగ్గింపు. ఆవులు మా కాలనీ రోడ్డు మీదే పడుకుంటాయి, నిజమే, కానీ వాటికి ఆఫర్లు ఉండవు. ఆర్డర్ పెట్టాను. హబ్ కుర్రాళ్లలో సగం మంది పండక్కి ఊళ్లకు పోతారని అప్పుడు తట్టలేదు. వాళ్లకీ పండగలు ఉంటాయన్న సమాచారం యాప్‌లో ఎక్కడా ఇవ్వలేదు. విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్లు బారులు తీరిన రోజున, భోగి రేపనగా, సందేశం వచ్చింది: అవుట్ ఫర్ డెలివరీ.

ఈసారి పాత పొరపాటు చేయదలచుకోలేదు. కుర్రాడికి రిజిస్టరు, మెట్లు, గంట, ఏవీ లేకుండా చేద్దామని ఓటీపీ చీటీ మీద రాసుకుని, కుర్చీ తీసుకుని కిందికి దిగాను. సందు మొదట్లో, ఇస్త్రీ బండి పక్కన కూర్చున్నాను. మధ్యాహ్నం అయింది, సాయంత్రం అయింది, దోమలు మొదలయ్యాయి. రాత్రి ఎనిమిదిన్నరకు ఫోన్ టింగుమంది.

"డెలివరీకి ప్రయత్నించాం. కస్టమర్ ఇంట్లో లేరు."

కుర్చీలో కూర్చునే చుట్టూ చూసుకున్నాను. ఈసారి కాదనలేకపోయాను.