శిలాఫలకం ఎందుకు మొలకెత్తలేదు?

మా ఊరి బస్టాండు వెనక ఖాళీ స్థలంలో పదిహేనేళ్లుగా ఒక నల్లరాయి నిలబడి ఉంది. దాని మీద బంగారు రంగు అక్షరాల్లో పదకొండు పేర్లు. వాటి కింద, చోటు మిగిలిన మేరకు, ‘ముప్పై పడకల ఆసుపత్రి’ అని ఉంటుంది. రాయి పాతిన మర్నాడు పేపర్లన్నీ కూడబలుక్కున్నట్టు ఒకటే మాట రాశాయి: ‘ఆసుపత్రికి అంకురార్పణ’. నేను ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన వాణ్ణి. అంకురం అనే మాట చెవిన పడితే నాకు కాళ్లు నిలవవు. ఆనాటి నుంచి వారానికోసారి వెళ్లి చూసి వస్తున్నాను. ఇంతవరకు ఆసుపత్రి మొలవలేదు. ఒక్క పడకైనా మొలిచిన దాఖలా లేదు.

నిధులు రాలేదని కొందరంటారు, వచ్చి వెళ్లిపోయాయని మరికొందరంటారు. రాజకీయాలు నాకు తెలియవు. శాస్త్రీయ పరీక్ష చేయకుండా నోరులేని రాయి మీద నింద మోపడం మాత్రం అన్యాయం. కనక విషయాన్ని మొదటి నుంచీ చూద్దాం.

అంకురార్పణ గుడి మాట. తిరుమల బ్రహ్మోత్సవాల్లో ధ్వజారోహణానికి ముందునాటి సాయంత్రం శ్రీవారి సేనాధిపతి విష్వక్సేనులవారు ఊరేగింపుగా వెళితే పుట్టమన్ను సేకరించి తెస్తారు. ఆ మన్ను పాలికలనే మట్టి పాత్రల్లో పోసి, నవధాన్యాలు చల్లి, నీళ్లు చిలకరిస్తారు. దీనికి అధిపతి చంద్రుడు గనక తంతు అంతా రాత్రిపూటే. పూర్వులకు వృక్షశాస్త్రం డిగ్రీ లేకపోయినా జాబితాలో ఏ లోటూ చేయలేదు చూడండి. మన్ను ఉంది, గింజ ఉంది, నీరుంది, చీకటి ఉంది. చాలా గింజలకు మొలకెత్తడానికి వెలుతురుతో పనే లేదు. మన రాయి పాతింది మాత్రం మిట్టమధ్యాహ్నం, నాలుగు కెమెరాల ముందు. అనుమానించదగ్గ మొదటి లోపం ఇదే.

ఇక నిర్మాణం. ఒక బొబ్బర గింజను రాత్రి నానబెట్టి పొద్దున్నే గోటితో వలిచి చూడండి. పైన తొక్క, అంటే బీజకవచం. ఒక పక్కన కన్ను లాంటి మచ్చ. కాయలో తల్లికి అతుక్కుని పాలు తాగిన చోటు అది, గింజకు బొడ్డన్నమాట. మచ్చ పక్కనే కంటికి ఆనీ ఆనని రంధ్రం. తొక్క తీస్తే రెండు బద్దలు, అవే బీజదళాలు. ఆ రెంటి నడుమ ఒక అంచున ఒదిగి, ముట్టుకుంటే ఊడి వచ్చేటంత చిన్న పిండం. కిందికి పోవాల్సిన ప్రథమ మూలం, పైకి రావాల్సిన ప్రథమ కాండం అప్పటికే తయారుగా ఉంటాయి. గింజ బరువులో దాదాపు అంతా బద్దలదే, అంటే తిండిదే. మొక్క వాటా రవంత.

రాయిని కూడా ఇదే వరుసలో పరీక్షించాను. కవచం: గ్రానైటు, భేషుగ్గా ఉంది. మచ్చ: ఒకటికి పదకొండు ఉన్నాయి. ఒక్క తల్లి పాలు తాగిన గింజకు ఒక్క మచ్చ సరిపోయింది, పేరు కూడా రాసుకోలేదు. పదకొండు బొడ్లున్న బిడ్డ ఎవరి పాలు తాగిందో నేను చెప్పలేను. రంధ్రం: లేదు. బద్దలు, అనగా తిండి నిల్వ: ఆ ఏటి పద్దుల్లో టోకెన్‌గా చూపించారని విన్నాను.

తిండి లేని విత్తనాలు ప్రకృతిలో లేకపోలేదు. ఆర్కిడ్ విత్తనం ధూళంత ఉంటుంది, వెంట చద్దిమూట ఏమీ ఉండదు. తగిన బూజు జాతి ఏదో వచ్చి ఆనుకుని తిండి పెడితే తప్ప అది మొక్క కాదు. మన శిలాఫలకం ఆ కోవకు చెందినదేమోనని కొన్నాళ్లు ఆశపడ్డాను. బూజు వచ్చిన మాట నిజమే. తిండి పెట్టే రకం కాదు.

మధ్యలో ఒకసారి మంచి కబురు వచ్చింది. ఆసుపత్రి అంచనా వ్యయం మూడింతలైందట. ‘ఉబ్బుతోంది మాస్టారూ, ఇక మొలకొచ్చేసినట్టే’ అని టీ కొట్టు సుబ్బయ్య నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. అతని ఉత్సాహం మీద నీళ్లు చల్లక తప్పలేదు. ఎండు గింజ మొదట చేసే పని నీళ్లు తాగి ఉబ్బడమే, పాఠ్యపుస్తకం దీన్నే నిపానం అంటుంది. కానీ చచ్చిన గింజ కూడా నీళ్లలో వేస్తే అంతే తాగుతుంది, అంతే ఉబ్బుతుంది. ఉబ్బు ప్రాణానికి రుజువు కాదు. తొక్క చీల్చుకుని వేరు బయటికి వస్తేనే మొలక. సుబ్బయ్య కాసేపు ఆలోచించి, ‘అయితే మా బావమరిది కూడా చచ్చినట్టేనా?’ అన్నాడు. అది వేరే శాఖ అని చెప్పాను.

గింజలో ఖజానా ఎలా నడుస్తుందో ఆర్థిక శాఖ వారు ఒకసారి గమనించాలి. గోధుమ గింజనే తీసుకుందాం. దాని నిల్వంతా అంకురచ్ఛదంలో, అంటే పిండం పక్కనుండే తిండి కొట్టులో, పిండి రూపంలో ఉంటుంది. పిండి కరగదు, కదలదు. నీళ్లు తగలగానే పిండం నుంచి జిబ్బరెల్లిన్ అనే హార్మోను బయల్దేరి అంకురచ్ఛదం చుట్టూ ఉన్న అల్యూరాన్ పొరకు చేరుతుంది. అర్జీ అనుకోండి. అది అందిన వెంటనే ఆ పొర అమైలేజ్ అనే ఎంజైమును తయారు చేసి లోపలికి వదులుతుంది. పిండి చక్కెరగా మారి పిండానికి చేరుతుంది. అర్జీ పెట్టింది ఎవరో లబ్ధిదారూ వాళ్లే. మధ్యలో శ్వాసక్రియ కింద కొంత ఖర్చవుతుంది, నిజమే. మొలిచే మొదటి రోజుల్లో గింజ ఎండు బరువు తగ్గేది అందుకే. కానీ ఆ ఖర్చు లెక్కకు బదులు చెప్పడానికి మర్నాటికి ఒక వేరు కనబడుతుంది.

ముందు వచ్చేది వేరు. ఇది గింజలోకంలో ఇంచుమించు అందరూ పాటించే మర్యాద. మండె కట్టే రైతుకు ఈ మాట నేను చెప్పాలా? వడ్లు ఒక రోజు నానబెట్టి, గోనెసంచిలో మూటగట్టి బరువు పెడితే, విప్పేసరికి ప్రతి గింజ కొసనా తెల్లగా ముక్కు పొడుచుకు వస్తుంది. కింద పట్టు దొరికాకే పైకి చూడటం. ఆ పైకి రావడంలోనైనా బొబ్బర మొలక తలెత్తుకుని రాదు. మెడ కొంకిలా వంచి, వీపుతో మన్ను నెట్టుకుంటూ వస్తుంది, లేత చివురు రాళ్లకు గీరుకుపోకుండా. వెలుగు తగిలాకే మెడ నిటారు. మన ఆసుపత్రికి ముందు మొలిచింది షామియానా. తర్వాత ఫ్లెక్సీలు. వేరు తాలూకు ప్రస్తావన ఆ రోజు ప్రసంగాల్లో నాకు వినబడలేదు.

ఒక్క విషయంలో నిజాయితీగా ఒప్పుకోవాలి. ఆ స్థలంలో నిజమైన అంకురార్పణ జరిగింది. శంకుస్థాపన గుంటలో పురోహితుడు నవధాన్యాలు పోశాడు కదా, దోసిలి చిన్నదై కొన్ని గట్టు మీద చెదిరాయి. నాలుగో రోజున వాన పడింది. ఇక నా ఆనందం చూడాలి! పెసలు, మినుములు, బొబ్బర్లు, ఉలవలు బద్దల్ని భుజాన వేసుకుని నేల పైకి వచ్చాయి, ఆ బద్దలు ఎండలో పచ్చబడ్డాయి. శనగ, కంది అలా కాదు. మూటను మన్నులోనే దాచి మొక్కను మాత్రం పైకి పంపాయి. ఒకే గుప్పిట్లోంచి పడినవాటిలో ఆస్తి ప్రకటించే వర్గం ఒకటి, భూమిలో పాతిపెట్టే వర్గం ఒకటి. తర్వాతివాళ్లను తప్పు పట్టకండి. మేకొచ్చి తల కొరికినా అడుగున తిండి ఉంది గనక శనగ మళ్లీ చివురు వేయగలదు. గోధుమ సూదిలా పొడుచుకొచ్చింది. నువ్వు మొలక ఎంత సన్నమంటే దాన్ని చూడటానికి నేను నేల మీద పడుకోవాల్సి వచ్చింది, మాస్టారికి వడదెబ్బ తగిలిందని ఊళ్లో పుకారు పుట్టింది. తొమ్మిదోది మొలవలేదు. వడ్లకు బదులు బియ్యం పోశారు. మరలో పిండం తవుడుతో పాటు పోయాక మిగిలింది చద్దిమూటే, తినేవాడు లేడు. ఆసుపత్రి పథకానికి ఇది సరిగ్గా తిరగేసిన బొమ్మ అని ఆ రోజు డైరీలో రాసుకున్నాను.

గుంట లోపలికి పడ్డవి మాత్రం పైకి రాలేదు. గింజ ఎంత లోతు నుంచి రాగలదన్నది దాని మూటను బట్టి ఉంటుంది. తన మందానికి రెండు మూడింతల లోతు అయితే మహారాజులా వస్తుంది. మూడడుగుల కింద పెట్టి, పైన కాంక్రీటు పోసి, గాలి కూడా ఆడకుండా చేస్తే ఉలవ కాదు, ఉక్కు విత్తనం కూడా ఊపిరాడక చస్తుంది.

రాయిది చావు కాదు, సుప్తావస్థ అని వాదించే వర్గం కూడా ఊళ్లో ఉంది. ఈ వాదాన్ని తేలిగ్గా తీసిపారేయలేను. టేకు గింజ కూడా రాయిలాగే ఉంటుంది. రోజులు, వారాల పాటు నానబెట్టి ఎండబెట్టి, నానబెట్టి ఎండబెట్టి దాని మొండితనం వదలగొడతారు. సుబాబుల్‌ను వేడినీళ్లలో ముంచుతారు. తుమ్మ గింజ మేక కడుపులో ఒక చుట్టు తిరిగి వస్తే కవచం మెత్తబడుతుంది. కొన్నింటికి ఆకురాతితో గీకుడు వైద్యం. మన రాయికి వేడి, తడి పదిహేను వేసవులూ వానాకాలాలూ ఉచితంగా ఇచ్చాయి. గీకుడు వైద్యం ఎన్నికల మర్నాడు ఎదుటి వర్గం వారు గునపాలతో చేశారు. నాలుగు పేర్లు లేచిపోయాయి, మొలక రాలేదు. మేక వైద్యం ఒక్కటే మిగిలింది. మేకలు సుముఖంగా లేవు.

అయినా తొందరెందుకంటారు వాళ్లు. అమెరికాలో విలియం బీల్ అనే వృక్షశాస్త్రవేత్త 1879లో 20 సీసాల్లో ఇసుకతో పాటు కలుపు గింజలు నింపి, మూతి కిందికి ఉండేలా మిషిగన్‌లో పాతిపెట్టాడు. విడతల వారీగా తవ్వి విత్తుతున్నారు. 2021లో తీసిన సీసా నుంచి కూడా మొలకలు వచ్చాయి. ఆఖరి సీసా వంతు 2100లో. ఇజ్రాయెల్‌లో మసాడా కోట శిథిలాల్లో దొరికిన ఖర్జూరపు గింజ వయసు దాదాపు రెండు వేల ఏళ్లు, దాన్ని 2005లో నాటితే మొక్కయింది. ఆ లెక్కన మన రాయి ఇంకా పసిది. తేడా ఒకటుంది: ఖర్జూరం కోసం ఎదురుచూసిన వాళ్లకు ఆ రెండు వేల ఏళ్లూ జ్వరాలు రాలేదు.

నా విన్నపం చిన్నది. విత్తన చట్టం 1966లో వచ్చింది. సంచికి చీటీ కట్టాలి, మొలక శాతం రాయాలి, పరీక్షించిన తేదీ వేయాలి. ధ్రువీకరించిన వరి విత్తనానికి కనీసం 80 శాతం, వేరుశనగకు 70 శాతం మొలక ఉండాలి. తక్కువైతే రైతు నిలదీయొచ్చు. శిలాఫలకాలకూ ఇదే వర్తింపజేయాలి. పేర్ల జాబితా కింద ‘మొలక శాతం: ఇంత, కాలపరిమితి: ఇన్ని నెలలు’ అని చెక్కించాలి. పాతే ముందు జిల్లాకు నూరు రాళ్లు తడి గోనెపట్టా మీద పరచి వారం రోజులు చూడాలి. గోనెపట్టాలు నేనిస్తాను.

నిరుడు కొత్తవాళ్లు వచ్చి పాత రాయి పక్కనే మరో రాయి పాతారు. ఈసారి యాభై పడకలు. పద్నాలుగు పేర్లు. మళ్లీ అంకురార్పణ. ఆ సభ మొత్తంలో పిండం, నిల్వ, నీళ్లు అన్నీ సిద్ధంగా ఉన్న ఒకే ఒక్క విత్తనం కొబ్బరికాయ. దాన్నే పట్టుకుని రాయికేసి కొట్టారు. కలశం మీది కాయ పిలక పెట్టడం మనలో చాలామంది ఇళ్లలో చూసిందే. మూడు కళ్లలో మెత్తని కన్ను ఒక్కటే తలుపు; దాని వెనకే పిండం. లోపల పువ్వు ఊరి, నీళ్లూ కొబ్బరీ అదే తాగేస్తుంది.

అయితే వరుసగా కొట్టిన కాయల్లో ఒకటి పగల్లేదు. పెద్దాయన చేతిలోంచి జారి, దొర్లి, పల్లేరు తుప్పల్లో పడింది. అపశకునమని ఎవరూ వెతకలేదు. వానాకాలం వెళ్లేసరికి మెత్తని కంట్లోంచి పిలక వచ్చింది. ఇప్పుడు నా మోకాలి ఎత్తుంది, నాలుగు ఆకులు. సుబ్బయ్య కొట్టు కడిగిన నీళ్లు దానికి పోస్తున్నాడు.

మొన్న ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చి టేపుతో కొలుచుకుని వెళ్లారు. దాని ఆకు కొత్త రాయి మీది మూడో పేరుకు అడ్డం వస్తోందని ఫిర్యాదు అందిందట. తొలగింపునకు అంచనాలు తయారవుతున్నాయి.