ట్యూబులైటు కింద నిజనిర్ధారణ

గత నెలలో ఒక నిజనిర్ధారణ సంఘం మా బంధువుల ఇంటికి వచ్చి వెళ్ళింది. సభ్యులు ఐదుగురు: అబ్బాయి తల్లి, తండ్రి, మేనత్త, బాబాయి, అబ్బాయి. తల్లి అధ్యక్షురాలు. అబ్బాయికి ఓటు హక్కు లేదు. విచారణాంశం ఒక్కటే. మధ్యవర్తి వాట్సాప్‌లో పంపిన ఫోటోలోని అమ్మాయి, ఆ ఇంట్లో తలవంచుకొని కూర్చున్న అమ్మాయి ఒకే రంగులో ఉన్నారా, లేరా?

ఈ కార్యక్రమాన్ని మనం ఇంకా పెళ్లిచూపులు అనే పాత పేరుతోనే పిలుస్తున్నాం. పెళ్లి సంగతి అక్కడ ఎవరూ ఎత్తలేదు. చూపులు మాత్రం దండిగా జరిగాయి.

అమ్మాయి మా పెద్దనాన్న కూతురి కూతురు. నాకు మేనకోడలు వరుస. వ్యవసాయ శాస్త్రం చదివి భూసార పరీక్ష కేంద్రంలో ఉద్యోగం చేస్తోంది. మంచి చామనఛాయ. ఫోటో తీసిన స్టూడియో అతను ఎవరూ అడగకుండానే ఆ చామనఛాయను నాలుగు మెట్లు ఎక్కించి, పచ్చి కొబ్బరి రంగుకు తెచ్చి ఇచ్చాడు. దానికి వేరే డబ్బు కూడా తీసుకోలేదు. కూరగాయలు కొంటే కరివేపాకు వేసినట్లు, మా ఊళ్ళో ఆడపిల్ల ఫోటోకు తెలుపు కొసరు.

కాఫీలు వచ్చాయి. విచారణ మొదలైంది. తొలి అభ్యంతరం ట్యూబులైటు మీద. ఆ వెలుగులో ఎవరైనా తెల్లగానే కనబడతారని, దాన్ని సాక్ష్యంగా స్వీకరించలేమని మేనత్తగారు తేల్చారు. లైటు ఆర్పారు. కిటికీ తెరిచారు. కిటికీ పక్కన వేపచెట్టు ఉంది కనుక ఆకుపచ్చ నీడ పడుతోందని బాబాయిగారు పట్టుకున్నారు. (ఆయన విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు, వెలుతురు విషయంలో ఆయన మాటకు తిరుగులేదు.) అప్పుడు అధ్యక్షురాలు ఎంతో ఆప్యాయంగా, “అమ్మా, ఒక్కసారి వరండాలోకి రా తల్లీ, గాలి బాగా వస్తోంది” అన్నారు. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. వరండాలో గాలి అన్న మాటే లేదు. పిల్ల లేచి వెళ్ళి నిలబడింది.

అబ్బాయి తల్లి ఫోను తీసి అమ్మాయి చెంప పక్కన పట్టుకున్నారు. చీరల దుకాణంలో జాకెట్టు ముక్కను అంచుకు ఆనించి చూసినట్లు. సంఘమంతా ఊపిరి బిగబట్టింది. అదృష్టమో దురదృష్టమో, అప్పటికి ఫోనులో చార్జింగు అయిపోవచ్చింది. తెర దానంతట అదే మసకబారింది. ఆ మసకలో ఫోటోలోని పిల్ల, ఎండలో నిలబడిన పిల్ల అచ్చంగా ఒక్క రంగుకు వచ్చారు. అర నిమిషం పాటు ఆ వరండాలో అందమూ నిజమూ ఒక్కటైపోయాయి. ఇంకాసేపు ఆ చార్జింగు అలాగే ఉండి ఉంటే తాంబూలాలు కూడా పుచ్చుకునేవారేమో. బాబాయిగారు ఫోను అందుకొని వెలుతురు పెంచారు.

తర్వాత మోచెయ్యి. మొహానికి పౌడరు ఉంటుంది, మోచేతికి ఉండదు అన్నది ఈ శాస్త్రంలో మూలసూత్రం. గాజులు ఎంత బాగున్నాయో అంటూ మేనత్తగారు చెయ్యి పట్టుకొని తిప్పి చూశారు. ఆ తర్వాత చెవి. కొత్త జుంకీలు ఎక్కడ చేయించారని అడుగుతూ చెవి అంచును వేలితో వంచారు. దీని గురించి తెలియనివారు తెలుగునాట ఉండరు. బిడ్డ పుట్టిన గంటలో డాక్టరు గుండె చప్పుడు వింటుంటే మన ఇంటి పెద్దావిడ చెవి అంచు చూస్తుంది. ఎర్రగా పుట్టిన బిడ్డ చివరికి ఏ రంగుకు తేలుతుందో చెవే చెబుతుందని నమ్మకం. తొమ్మిది నెలలు కుంకుమపువ్వు పాలు తాగించిన ఖర్చు గిట్టిందా లేదా అన్నది ఆ చెవి దగ్గర తెలుస్తుంది. ఈ దేశంలో ఆడపిల్ల ఎదుర్కొనే తొలి పరీక్ష అది. అప్పటికి ఇంకా పేరు కూడా పెట్టి ఉండరు.

“ఏమైనా ఫోటో అబద్ధం చెప్పదు కదండీ” అన్నారు బాబాయిగారు.

చెప్పదు నిజమే. దానిచేత చెప్పించాలి. కలర్ ఫిల్ముల కాలంలో ప్రింట్లలో రంగులు సరిగా వచ్చాయో లేదో చూసుకోవడానికి కొడాక్ కంపెనీ ల్యాబులకు ఒక తెల్ల యువతి బొమ్మ ఉన్న కార్డు పంపేది. షర్లీ కార్డు అనేవారు. ఆమె ఒంటి రంగు సరిగ్గా పడితే ప్రపంచంలో అన్ని రంగులూ సరిగ్గా పడినట్లే. నల్లవాళ్ళ మొహాలు ఆ ఫిల్ములో కళ్ళూ పళ్ళూ తప్ప మిగతాదంతా మసిగా పడుతున్నాయంటే కంపెనీకి పెద్దగా పట్టలేదు. చాక్లెట్లు చేసేవారు, చెక్క సామాను అమ్మేవారు తమ సరుకు ప్రకటనల్లో సరిగ్గా పడటం లేదని గోల పెట్టాక ముదురు రంగుల మీద శ్రద్ధ వచ్చింది. మనిషి మొహం కోసం మారని ఫిల్ము బల్ల కోసం మారింది. ఈ కథ బాబాయిగారికి చెప్పాలనుకున్నాను. అప్పటికే ఆయన పిల్ల తల్లి, అంటే మా అక్క మోచేతిని, కూతురి మోచేతిని పోల్చి చూస్తున్నారు.

వరండాలో ఈ పరిశోధన సాగుతుండగా మేనత్తగారు పనిలో పనిగా తన యాత్రల ఫోటోలు చూపించారు. ములుగు జిల్లా పాలంపేటలో రామప్ప గుడి ముందు ఆవిడ. ఎనిమిది వందల ఏళ్ళ నాటి గుడి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు. దాని అందం 2021లో యునెస్కో ముద్ర వేశాకనే చాలామందికి కళ్ళబడింది. అప్పటి నుంచి పార్కింగు దొరకదు. గుడి చూరు కింద నల్లరాతి మదనికలు నిలబడి ఉంటాయి. అద్దంలా నునుపు చేసిన నలుపు. ఆ నలుపు లేకపోతే ఆ నడుము వంపు మీద అంత వెలుగు నిలవదు. “ఎంత అందమైన శిల్పాలో!” అన్నారు ఆవిడ. ఫోటో చూశాను. మొహాన్ని తెల్లబరిచే ఏర్పాటేదో ఫోనులో పెట్టి తీసుకున్నట్లున్నారు, వెనకనున్న మదనిక కూడా బూడిద పూసుకున్నట్లు తెల్లబడింది. కాకతీయుల శిల్పికి సంబంధం కుదిరిపోయింది.

మొరటు మాటలు మనం ఇప్పుడు వాడటం లేదు లెండి. 1975లో అంగట్లోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరులోని ఫెయిర్‌ను వదిలేసి గ్లో తగిలించుకుంది. అప్పటి నుంచి మనవాళ్ళు కూడా “పిల్ల నలుపు” అనరు, “మొహంలో గ్లో లేదు” అంటారు. అదే ఏడాది పేరున్న పెళ్లి సంబంధాల వెబ్‌సైటు ఒకటి ఒంటి రంగును బట్టి వెతికే సౌకర్యాన్ని తొలగించింది. మేనత్తలను తొలగించే అధికారం వారికి లేదు.

మా వైపు నుంచి అమ్మమ్మ ఉండబట్టలేక, “నలుపు నారాయణుడు మెచ్చు” అంది. నారాయణుడు సంబంధం అడగడానికి రాలేదని ఆవిడకు ఎవరూ గుర్తు చేయలేదు.

అన్నట్లు, రంగు పోల్చడానికి నిజంగానే ఒక పద్ధతి ఉంది. మా మేనకోడలికే తెలుసు. మన్సెల్ అనే అమెరికా చిత్రకళా ఉపాధ్యాయుడు 20వ శతాబ్ది మొదట్లో రంగులను కొలిచే విధానం కనిపెట్టాడు. నేలల శాస్త్రవేత్తలు ఆ రంగుబిళ్ళల పుస్తకాన్ని పొలానికి తీసుకెళ్ళి మట్టిగడ్డను పక్కన పెట్టి పోలుస్తారు. ఎండ వెలుగులోనే చూడాలి. చలువ కళ్ళద్దాలు తీసెయ్యాలి. మట్టి తడిగా ఉందో పొడిగా ఉందో రాసుకోవాలి, ఎందుకంటే తడిస్తే అదే మట్టి ముదురుగా కనబడుతుంది. ఇంతా చేసి, ముదురు రంగు వచ్చిందని మట్టిని ఎవరూ చీదరించుకోరు. ఒక మట్టిగడ్డకు ఇస్తున్న మర్యాద అది. మా వరండాలో కళ్ళద్దాలు కూడా తీయలేదు.

అబ్బాయి తండ్రి ఆ గోలలో కలగజేసుకోలేదు. పెద్దమనిషి. లోపల కూర్చొని నాతో పొలం గురించి మాట్లాడారు. గుంటూరు వైపు పన్నెండు ఎకరాలట. “ఎర్రనేల అనుకునేరు, అంతా నల్లరేగడి” అన్నారు, ఛాతీ వెడల్పు చేసుకొని. ఒక్క వాన పడితే చాలు, పదును పట్టుకొని వదలదట, పత్తి ఏపుగా వస్తుందట. నలుపు గురించి ఒక తెలుగు మగవాడు అంత ప్రేమగా మాట్లాడగా నేను ఇంతకు ముందు వినలేదు.

ఇంతలో వరండాలోంచి మేనత్తగారి గొంతు వినబడింది. “చూశారా వదినా, ఎండ తగిలేసరికి రంగు తేలుతోంది!”

వెళ్ళి చూశాను. పిల్ల బుగ్గలు ఎర్రగా కమిలి ఉన్నాయి. అది రంగు తేలడం కాదు. మూడు వారాలుగా వాళ్ళమ్మ మెడికల్ షాపు నుంచి తెచ్చి రాత్రిపూట రాస్తున్న ఆయింట్‌మెంటు. దానిలో స్టెరాయిడు ఉంది. చర్మవ్యాధికి కూడా డాక్టరు చూసి, రోజులు లెక్కపెట్టి రాయమనే మందు. ఇష్టం వచ్చినట్లు రాస్తే చర్మం పలచబడి ఎండకు భగ్గుమంటుంది. ఇలాంటి క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని ప్రభుత్వం 2018లోనే చెప్పింది. చెప్పి ఊరుకుంది. ఇది స్టెరాయిడు సంగతి. తెల్లబడే క్రీములు ఇంకా వేరే ఉన్నాయి. కేరళలోని కొట్టక్కల్‌లో ఒక ఆసుపత్రి డాక్టర్లు 2021 నుంచి 2023 వరకు తమ దగ్గరకు వచ్చిన ఒక రకం కిడ్నీ రోగులను పరిశీలించారు. 22 మందిలో 15 మందికి అరుదైన రకం జబ్బు ఉంది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు రాసుకున్నవారు. మూత్రంలో ప్రొటీను పోతోంది, కాళ్ళు వాస్తున్నాయి. ఎందుకు? ఎవడో ఒకడి మేనత్త మోచెయ్యి తిప్పి చూస్తుందని!

ఆ ట్యూబు కొన్న తల్లి మీద నాకు కోపం లేదు. ఆమె కూడా ఇలాంటి వరండాలోనే ఒకప్పుడు నిలబడింది. నాకు గుర్తుంది, అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు, నేనే మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను. నా కోపం నా మీదే. ముప్ఫై ఏళ్ళ తర్వాత అదే ఇంట్లో, అదే వరసలో, రెండో మైసూర్‌పాకు చేతిలో పట్టుకొని కూర్చున్నాను. “చాలు, లోపలికి రా అమ్మా” అనడానికి ఎన్ని అక్షరాలు కావాలి? కాలేజీలో రెండు బంగారు పతకాలు తెచ్చుకున్న పిల్ల, ఎండలో కళ్ళు చికిలించుకొని ఫోను పక్కన మొహం పెట్టి నిలబడితే, మేమంతా కాఫీలో చక్కెర సరిపోయిందా అని అడుగుతున్నాం. సిగ్గు లేని జాతి.

నాలుగు రోజులకు తీర్పు వచ్చింది. మధ్యవర్తి ఫోను చేశాడు. అమ్మాయి బాగానే ఉందట, పద్ధతైన పిల్లట, కానీ ఫోటోకూ మనిషికీ పొంతన లేదట. “మీరు నిజం దాచారని వాళ్ళు బాధపడుతున్నారండీ” అన్నాడు. అంటే ఫోటో నిజం, పిల్ల అబద్ధం. ముక్కూ చెవులతో ఎదురుగా నిలబడి, పెట్టిన పరీక్షలన్నీ భరించిన మనిషి స్టూడియోవాడి కొసరుకు సరిపోలలేదు కనుక మోసకారి అయింది.

వారం తిరక్కుండా మళ్ళీ ఫోను. సంఘం పునరాలోచన చేసిందట. అమ్మాయి పేర రెండెకరాలు రాస్తే ఆ తేడా సర్దుకుంటుందట. ఫోను స్పీకరులో ఉంది. మా మేనకోడలు పక్కనే కూర్చొని మట్టి నమూనాల సంచులకు చీటీలు అంటిస్తోంది. తల ఎత్తకుండానే, “మామయ్యా, వాళ్ళకు ఏ రంగు నేల కావాలో అడగండి” అంది.

అడిగాను.

“నల్లరేగడి అయితేనే మాట్లాడమన్నారండీ” అన్నాడు మధ్యవర్తి.